బుధవారం సార్

ఆరు దాటి ఎనిమిది నిమిషాలకి అతను హాస్టల్ గేటు దగ్గరికి వచ్చేసరికి వాన మంచి ఊపు మీద ఉంది.

"బస్సు మధ్యలో ఆగిపోయింది వార్డెన్ గారూ. కొంచెం దయ చూపించాలి," అన్నాడు నవ్వుతూ. జుట్టు లోంచి నీళ్ళు కారి ముక్కు చివర ఆగుతున్నాయి.

గేటు లోపల వార్డెన్ గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. "ఆరు దాటింది," అంది.

"ఎనిమిది నిమిషాలే."

"ఎనిమిదైనా ఎనభై అయినా దాటినట్టే."

"నేను మీ ఆయన్ని. కావాలంటే పెళ్ళి ఫోటో చూపిస్తా, ఫోన్‌లో ఉంది."

మామూలుగా అయితే ఆమెకి నవ్వు వచ్చేది. ఆ రోజు రాలేదు. గొంతు తగ్గించి, "ఇందాకే ఒక తండ్రిని వెనక్కి పంపించాను. రెండు నిమిషాలు ఆలస్యం ఆయన. అదిగో, ఎదురు షాపు చూరు కింద నిలబడి ఇటే చూస్తున్నాడు. ఇప్పుడు మిమ్మల్ని లోపలికి రమ్మంటే ఆయనకి నా మొహం ఎలా చూపించను?" అంది.

అతను వెనక్కి తిరిగి చూశాడు. నిజమే, ఒక పెద్దమనిషి చేతిలో సంచితో నిలబడి ఉన్నాడు. అతని ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"సరే. గొడుగైనా ఇస్తావా? దానికి కూడా టైముందా?"

ఆమె గేటు ఊచల మధ్యలోంచి గొడుగు అందించింది. అతను దాన్ని తెరవలేదు. ముడిచిన గొడుగు చేతిలో పట్టుకుని, తడుస్తూనే సందు చివరికి నడిచి మలుపు తిరిగిపోయాడు. కాసేపటికి ఆమె ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. "ఇక బుధవారాలు వద్దులే. నీకూ ఇబ్బంది."

ఆ ఒక్క మాట వార్డెన్ గుండెలో ముల్లులా దిగబడింది.

వాళ్ళిద్దరికీ పెళ్ళయి మూడేళ్ళు. ఆమె ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్. నూట ఇరవై మంది పిల్లల మధ్య, మేడ మీద చివరి గది ఆమె ఇల్లు. అతను ఊరి బయట మంచినీళ్ళ పంపు హౌస్‌లో ఆపరేటర్. గుట్ట మీద, మోటార్లకి కాస్త దూరంగా ఉన్న క్వార్టర్ అతని ఇల్లు. రెండూ అక్కడే పడుకుని అక్కడే లేవాల్సిన ఉద్యోగాలు. మధ్యలో రెండు బస్సులు, గంటన్నర ప్రయాణం. ఎవరో ఒకరు మానేస్తే సరిపోయేది. ఎవరూ మానలేదు, మానమని ఒకరినొకరు అడగనూ లేదు. పెళ్ళికి ముందే అనుకున్న మాట అది.

సామాను కూడా కాపురం లాగే రెండు ముక్కలైంది. కుక్కర్ ఆమె దగ్గరుంటే దాని విజిల్ ఎలా వెళ్ళిందో అతని దగ్గరికి వెళ్ళింది. అతని పెళ్ళి చొక్కాలు ఇక్కడ, ఆమె కళ్ళజోడు పెట్టె అక్కడ. నెలకి రెండు ఆదివారాలు ఆమె గుట్టకి వెళ్ళేది. ప్రతి బుధవారం, అతని సెలవు రోజు, అతను హాస్టల్‌కి వచ్చి నాలుగు నుంచి ఆరు దాకా విజిటర్స్ రూమ్‌లో బెంచీ మీద కూర్చునేవాడు. కిటికీ దగ్గర పిల్లలు కిచకిచలాడేవాళ్ళు. అతనికి "బుధవారం సార్" అని పేరు పెట్టింది వాళ్ళే. ఆరు గంటల బెల్లు కొట్టగానే వార్డెనే లేచి, "టైమయింది," అనేది. ఎంత ప్రేమైనా సరే, బెల్లు బెల్లే.

అసలు వాళ్ళ పరిచయం కూడా ఆ గేటు దగ్గరే జరిగింది. ట్యాంకులోకి నీళ్ళు ఎక్కడం లేదని కంప్లయింట్ ఇస్తే చూడ్డానికి వచ్చాడతను. ఐడీ కార్డు మర్చిపోయాడు. లోపలికి రానివ్వలేదు ఆమె. మర్నాడు కార్డు మెడలో వేసుకుని వచ్చి, "ఇప్పుడైనా నన్ను మనిషిగా గుర్తిస్తారా?" అన్నాడు. అప్పుడు నవ్విన నవ్వే ఆమె కొంప ముంచింది.

తర్వాతి బుధవారం అతను రాలేదు. మూడేళ్ళలో అదే మొదటిసారి. రాడని తెలిసి కూడా వార్డెన్ నాలుగింటికి బెంచీ తుడిపించింది. ఐదింటికి ఒక పిల్ల తలుపు దగ్గరికి వచ్చి, "మేడమ్, బుధవారం సార్ రాలేదేం?" అని అడిగింది.

"పని ఉందట," అంది వార్డెన్. అబద్ధం చెప్పడం ఆమెకి చేతకాదు. ఆ పిల్లకి అది తెలిసిపోయింది కూడా.

ఫోన్లు మాత్రం ఆగలేదు. "తిన్నావా?" "తిన్నా. మీరు?" "తిన్నా." అంతే. కోపంగా అరిచినా బాగుండేది అనిపించింది ఆమెకి. ఇలా మర్యాదగా మాట్లాడుకుంటూ ఒకరికొకరు చుట్టాలైపోతామేమో అని భయం వేసింది.

శనివారం మధ్యాహ్నం, కింద మెస్సు చూసుకునే మేట్రన్‌ని పిలిచింది. "ఈ పూట హాస్టల్ నువ్వు చూసుకుంటావా? ఏడున్నర భోజనాల లోపు వచ్చేస్తా."

"ఎక్కడికక్కా?"

"గుట్టకి."

"నువ్వు వెళ్ళక్కా, నేనున్నాగా," అంది.

శనివారం అతనికి పగలు డ్యూటీ. ఎక్కడికీ కదలడు. అతని డ్యూటీ చార్టు ఆమె గదిలో అద్దం పక్కనే అంటించి ఉంది. చార్టు అబద్ధం చెప్పదు కదా అనుకుని బస్సెక్కింది.

గుట్ట ఎక్కి చూస్తే మోటార్ రూమ్ ముందు పెద్దాయన ఉన్నాడు. అతనితో పాటు పనిచేసే సీనియర్ ఆపరేటర్. చేతిలో రీడింగ్ పుస్తకం పట్టుకుని ఆమెని చూసి నోరు తెరిచాడు.

"నువ్వేంటి తల్లీ ఇక్కడ? వాడు నీ దగ్గరికే బయల్దేరాడుగా!"

"ఈ రోజు ఆయనకి డ్యూటీ కదా?"

"నాతో మార్చుకున్నాడు. శనివారం అయితే నువ్వు తప్పకుండా హాస్టల్లోనే ఉంటావని నీ చార్టు పది సార్లు చూసుకుని మరీ పోయాడు."

ఇద్దరి బస్సులూ దారిలో ఎక్కడో ఎదురుపడే ఉంటాయి. ఒకరి చార్టు మీద ఒకరికి ఉన్న నమ్మకం అలా ఇద్దరినీ చెరో చోట పడేసింది. నవ్వాలో ఏడవాలో తెలియక ఆమె కంచె బయట ఉన్న సిమెంటు దిమ్మె మీద కూలబడింది. ఆదివారాలు వచ్చినప్పుడు వాళ్ళిద్దరూ కూర్చుని తినేది అక్కడే. పైన చిన్న రేకుల పందిరి.

"ఇక్కడెప్పుడూ వేడే," అంది, ఏదో ఒకటి అనాలి కాబట్టి. "లోపల ఫ్యానుంది, అక్కడ కూర్చుందాం అంటే వినరు."

"బయటివాళ్ళని కంచె లోపలికి రానివ్వకూడదమ్మా, రూలు. డ్యూటీలో ఉన్నవాడు మోటార్ శబ్దం వినిపించనంత దూరం పోకూడదు, అదీ రూలే. అందుకే మీ ఆయన ఈ దిమ్మె వేశాడు. కళ్ళు మూసుకుని నిలబడి, శబ్దం ఎంతవరకు వినిపిస్తుందో చూసుకుని, సరిగ్గా ఇక్కడ గీత గీశాడు. పందిరి కూడా వాడే కట్టాడు."

"ఆయనా? నేను ఆఫీసువాళ్ళు కట్టారనుకున్నా."

"ఆఫీసు వాళ్ళకి అంత తీరికా? నేనే అడిగా, నెలకి రెండు పూటల కోసం ఇంత అవసరమా రా అని. 'లోపలికి రానివ్వడం నా చేతుల్లో లేదు పెద్దాయనా, బయటికి రావడం నా చేతుల్లోనే ఉందిగా' అన్నాడు."

లోపల మోటార్ ఒకే శ్రుతిలో రొద పెడుతోంది. పెద్దాయన గడియారం చూసుకుని రీడింగ్ రాయడానికి వెళ్ళిపోయాడు.

ఆమె అలాగే కూర్చుండిపోయింది. వాన, గేటు, ఊచల మధ్యలోంచి తను అందించిన గొడుగు గుర్తొచ్చాయి. అతను లోపలికి రాకూడదని రూలుంది. తను బయటికి వెళ్ళకూడదని ఎక్కడ ఉంది? గేటు తీసుకుని నాలుగడుగులు వేస్తే అయిపోయేది. ఆ తండ్రితో పాటు అదే చూరు కింద పది నిమిషాలు నిలబడితే అయిపోయేది. మూడేళ్ళలో ఒక్కసారి కూడా తనకి ఆ ఆలోచన రాలేదు. సిగ్గుతో ఆమె ముఖం వేడెక్కింది.

కంచెకి అవతల, మోటార్ శబ్దం అందనంత దూరంలో ఉన్న క్వార్టర్ తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపలికి వెళ్ళింది. కిటికీలో కుక్కర్ విజిల్ బోర్లించి ఉంది. గోడ మీద ఆమె చార్టు, దాని పక్కన అతని చేతిరాతతో హాస్టల్ బెల్లుల టైములు. ఐదింటికి లేవడం, ఐదున్నర స్టడీ, ఏడున్నర భోజనం. భోజనం అన్న మాట చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీసి ఉండటం ఇన్నాళ్ళూ ఆమె గమనించలేదు.

"అదా?" అన్నాడు పెద్దాయన, ట్యాంకు నిండాక మోటార్ ఆపి వచ్చి, గుమ్మంలోంచి తొంగి చూసి. "ఎంత ఆకలేసినా ఏడున్నర దాకా డబ్బా తెరవడు. అక్కడ బెల్లు కొడతారు, మా ఆవిడ అప్పుడే కూర్చుంటుంది అంటాడు."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని ఫోన్ తీసింది.

"ఎక్కడున్నారు?"

"నీ విజిటర్స్ రూమ్‌లో," అన్నాడతను. "నువ్వెక్కడ?"

"మీ క్వార్టర్లో."

అటువైపు చిన్న నవ్వు, ఏడుపుకి దగ్గరగా ఉన్న నవ్వు.

"ఐదింటి బస్సుకి వస్తున్నా. వెళ్ళిపోకండి."

"నువ్వొచ్చేసరికి ఆరు దాటుతుంది. నన్ను బయటికి పంపిస్తారు."

"పంపిస్తారు. బయటే ఉండండి," అంది. మళ్ళీ, "ఏమండీ, తప్పకుండా ఉండండి," అంది.

బస్సు దిగి సందులోకి తిరిగేసరికి ఆరూ నలభై. గేటు బయట మెట్టు మీద అతను కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో భోజనం డబ్బా, పక్కన ఆమె ఇచ్చిన గొడుగు. లోపల్నించి మేట్రన్ పరుగున వచ్చింది.

"అక్కా, ఆరింటికి సారే లేచి వచ్చేశారు. నేను ఉండమన్నా వినలేదు. ఈ ఒక్క పూటకి లోపలికి తీసుకురానా?"

"వద్దు," అంది వార్డెన్. అతను తల దించుకున్నాడు. "భోజనాలయ్యేదాకా పిల్లల్ని నువ్వే చూడు. నేను ఇక్కడుంటా."

మేట్రన్ ఒకసారి ఆమెనీ ఒకసారి మెట్టునీ చూసి, నవ్వు దాచుకుంటూ వెళ్ళిపోయింది. మేడ మీద కిటికీలో నాలుగైదు తలలు అప్పటికే చేరాయి. వార్డెన్ తలెత్తి చూసింది కానీ వాళ్ళని తరమలేదు. వచ్చి అతని పక్కన మెట్టు మీద కూర్చుంది.

"క్షమించండి," అంది. "ఆ రోజు గేటు తీసి నేనే బయటికి రావాల్సింది. నాకు తట్టలేదు."

"నువ్వు రానివ్వలేదని కాదు నా బాధ," అన్నాడతను. "రూలు నాకూ తెలుసు. కానీ మూడేళ్ళుగా నేనొక్కడినే ఊచల ఇవతల నిలబడి ఉన్నట్టు అనిపించింది. ఆ కోపంలో ఆ మెసేజ్ పెట్టాను. పెట్టినప్పట్నించీ నాకు ముద్ద దిగలేదు."

"ఇవతలికి వచ్చేశాగా ఇప్పుడు."

"వచ్చావు," అన్నాడు.

ఆమె చేతిలోని కుక్కర్ విజిల్ అతనికి చూపించింది. "ఇది తేవడం మీరు మళ్ళీ మర్చిపోతారని నేనే తెచ్చాను. బుధవారం వస్తారా?"

"ఆరు దాటితే?"

"దాటితే ఇక్కడ కూర్చుందాం. ఒక బెంచీ వేయించి, పైన రేకులు కట్టిస్తాను. ఆ రోజు చూరు కింద నిలబడ్డ తండ్రి ఉన్నాడే, ఆయనకీ పనికొస్తుంది. ఆయన కూతుర్ని గేటు దాకా తీసుకొచ్చే బాధ్యత నాది."

"రేకులు కట్టడం నీకొచ్చా?"

"కట్టే మనిషి నాకు తెలుసు."

అతను నవ్వాడు. వానలో ఆరిపోయిన ఆ నవ్వు ఇన్నాళ్ళకి ఆమె పక్కకి వచ్చి కూర్చుంది.

వీధి దీపాలు వెలిగాయి. అప్పుడు లోపల ఏడున్నర బెల్లు కొట్టారు. అలవాటు కొద్దీ అతని చేయి డబ్బా మూత మీదికి వెళ్ళింది. తీయబోయి ఆగి, పక్కకి తిరిగి ఆమెని చూశాడు.

"తెరవండి," అంది ఆమె. "నాకూ ఆకలేస్తోంది."