హకాలా ఇంటి ఏడు కిటికీలు

కెటల్ బేలో ఎవరినైనా ఆపి హకాలా వాళ్ళ ఇల్లెక్కడ అని అడగండి. వెంటనే దారి చెప్పరు. ముందు మిమ్మల్ని నఖశిఖపర్యంతం ఒకసారి చూస్తారు... ఆ తర్వాత మెల్లగా, "కొన్నారా?" అంటారు.

ఆ మాటలో జాలి పావువంతు. మిగతా ముప్పావూ సరదాయే.

సరస్సు రోడ్డు చివర, ఊరికి ఆరు మైళ్ళ అవతల ఉంటుందది. ఏడు కిటికీలు, ఒక తలుపు, వాకిలికి నలభై అడుగుల దూరంలో కట్టెల కొట్టం. చుట్టుపక్కల ఇంకో ఇల్లు లేదు. ఆ ఇంటికి చెడ్డపేరు ఊరికే రాలేదు. మేమందరం ఏళ్ళ తరబడి కష్టపడి తెచ్చాం.

మూలం మాత్రం నిజమే. ఆర్వో హకాలా అనే ఆయన ఒక డిసెంబరులో, మంచు తుఫాను మధ్యలో, కట్టెలు తెస్తానని కొట్టం దాకా వెళ్ళాడు. ఏప్రిల్‌లో మంచు కరిగాక దొరికాడు... సొంత వాకిలికి ముప్పై అడుగుల దూరంలో. ఆయన భార్య ఎల్మా ఆ తర్వాత నలభై మూడేళ్ళు ఆ ఇంట్లోనే ఒక్కతే బతికి, ఒకరోజు నిద్రలోనే పోయింది.

అప్పట్నుంచి తుఫాను వచ్చినప్పుడల్లా ఆ ఇంటి కిటికీలు ఎవరో వరసగా తడతారు. ఒకటి... రెండు... మూడు... ఏడూ అయ్యాక మళ్ళీ మొదటికి. తట్టేది ఆర్వో. లోపలికి రానివ్వమని. తలుపు తీస్తే ఏమవుతుందో ఎవరికీ తెలీదు, ఎందుకంటే ఎవరూ తీయలేదు. తెలీదు గనకే మేం అంత బాగా చెప్పగలిగేవాళ్ళం.

పదకొండేళ్ళలో మూడు కుటుంబాలు వచ్చాయి. మూడూ వసంతం చూడకుండానే వెళ్ళిపోయాయి. ఒకళ్ళయితే పొయ్యి మీద సూపు మరుగుతుండగానే కారెక్కేశారట. ఇక్కడో సంగతి ఒప్పుకోవాలి... ఆ సూపు కథలోకి నేను కలిపిందే.

నాది ఊళ్ళో సామాన్ల కొట్టు. మేకుల దగ్గర్నుంచి మంచు పారల దాకా అన్నీ ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళు ఇల్లు చూసుకున్న మర్నాడే నా దగ్గరికొస్తారు, ఎందుకంటే అప్పటికి భయం మొదలవుతుంది. ఇప్పుడు చెప్పబోయేది నేను చూసింది కాదు. ఒఫేలియా బాకా నా కౌంటరు ముందు నిలబడి, చేతి తొడుగులు కూడా తీయకుండా చెప్పింది. ఆవిడ చెప్పినట్టే చెబుతాను.

ఆవిడా, ఆవిడ భర్త రొహేలియో, ఎల్ పాసో నుంచి వచ్చారు. అది ఎడారి. ఆయన ముప్పై అయిదేళ్ళు అక్కడ ఇళ్ళకి కప్పులు వేశాడు. జూలై ఎండలో, కాలే తారు మీద మోకాళ్ళేసుకుని. రిటైరయ్యాక ఆయనకి ఉన్నది ఒకటే కోరిక. చెమట పట్టని చోట చచ్చిపోవాలని. ఫొటోల్లో చూసి హకాలా ఇల్లు కొనేశాడు. కోరిక మొదటి ఏడాదే తీరిపోయేలా ఉందని మేం కొట్లో అనుకున్నాం.

సెప్టెంబరులో ఆయన నోటుపుస్తకంతో వచ్చాడు. నేను ఒక్కొక్కటే చెప్పాను. పొగగొట్టం దులపాలి. నీళ్ళ గొట్టాలకి చలి తగలకుండా చుట్టాలి. కట్టెలు కనీసం ఎనిమిది వరసలు పేర్చుకోవాలి. ఆయన మూడు పేర్చాడు. ఉండేది ఇద్దరమే కదా అన్నాడు... చలి తలలు లెక్కపెట్టుకుని వస్తుందన్నట్టు.

నిజం చెప్పాలంటే, కప్పు మాత్రం అద్భుతంగా వేశాడు. జిల్లా మొత్తంలో అలాంటి కప్పు లేదు. అయితే మా దగ్గర చలి కప్పులోంచి రాదు. తలపొగరులోంచి వస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆఖర్న చెప్పాను. వాకిలి నుంచి కొట్టం దాకా ఒక తాడు కట్టుకోండి, తుఫానులో దాన్ని పట్టుకునే నడవాలి అని. ఆయన నవ్వాడు.

"నలభై అడుగులండీ. సొంతిల్లు కనబడనంత ముసలాణ్ణి అయిపోయానా?"

తాడు తిరిగి మేకుకి తగిలించాను. వద్దన్నవాణ్ణి బతిమాలే అలవాటు మా ఊళ్ళో లేదు. మాకు ఓపికెక్కువ. ఏప్రిల్ దాకా ఆగుతాం.

ఒఫేలియా వేరే రకం. అడిగిందే అడిగి తెలుసుకునేది. రాత్రంతా నిప్పు ఆరకుండా పొయ్యిలో కట్టె ఎలా పెట్టాలో నేర్చుకుంది. చిక్కుడు గింజలు డబ్బాల్లోకి ఎత్తింది. ఎండు మిరపకాయల దండలు వంటింట్లో వేలాడదీసింది. అలాంటి మనిషిని చూస్తే నా నోరు ఊరుకుంటుందా. ఆర్వో కథ మొత్తం చెప్పాను, సూపుతో సహా.

"తుఫానులో ఎవరు తట్టినా సరే," అన్నాను గొంతు తగ్గించి, "తలుపు మాత్రం తియ్యకండి."

ఆవిడ ముఖం పాలిపోయింది. ఆ రోజంతా నాకు మంచి హుషారు.

డిసెంబరు రెండోవారంలో తుఫాను వచ్చింది.

మా వైపు డిసెంబరులో రాత్రి సాయంత్రం నాలుగున్నరకే మొదలవుతుంది. పగలనేది మర్యాదకి ఒకసారి తొంగిచూసి పోతుంది, అంతే. నాలుగింటికి కరెంటు పోయింది. సున్నాకి ముప్పై డిగ్రీలు కిందికి దిగింది చలి. పొయ్యి పక్కన కట్టెలు అయిపోవచ్చాయి. రొహేలియో కోటు వేసుకుని, రెండు నిమిషాల్లో వస్తానని వెళ్ళాడు.

ఒఫేలియా లాంతరు వెలిగించింది. రెండు నిమిషాలయింది.

అయిదు నిమిషాలయింది... పదయింది.

ఆవిడ తలుపు కొంచెం తీసి చూసింది. బయట ఏమీ లేదు. చీకటి కూడా లేదు. ఎవరో వాకిలికి అడ్డంగా తెల్లటి గోడ కట్టేసినట్టుంది. పేరు పెట్టి అరిచింది. ఆ అరుపు తన చెవికే వినబడలేదు. గాలికి మంచు లోపలికి దూసుకొచ్చి లాంతరు ఆరిపోయేలా ఉంటే, తలుపు మూసేసింది.

సరిగ్గా అప్పుడు...

టక్. టక్. టక్.

పడకగది కిటికీ.

రొహేలియోనేమో అనుకుంది. లేవబోయింది. ఇంతలో చప్పుడు పక్క గదిలోకి మారింది... టక్, టక్, టక్. అక్కణ్ణుంచి సామాన్ల గదికి. అక్కణ్ణుంచి వెనక వసారాకి. దారి తప్పిన మనిషి తట్టినట్టు లేదు. రోజూ చేసే పని చేసినట్టుంది... తొందర లేకుండా, ఒక్క కిటికీ వదలకుండా.

ఏడూ అయ్యాయి. మళ్ళీ మొదటికొచ్చింది.

ఒఫేలియా వంటింట్లో పొయ్యికి వీపు ఆనించి కూర్చుండిపోయింది. ఆ గదికి కిటికీ లేదు. లాంతరు తీసుకుని మిగతా గదుల్లోకి వెళ్ళే ధైర్యం లేదు. నేను చెప్పిన మాటే చెవుల్లో తిరుగుతోందట... ఎవరు తట్టినా సరే.

మూడో చుట్టుకి చప్పుడు పెరిగింది. నాలుగో చుట్టుకి గాజు పగులుతుందేమో అన్నట్టుంది. తట్టడం కాదది. బాదడం. పిలుస్తున్నట్టు... తిడుతున్నట్టు.

ఉన్నట్టుండి ఆగిపోయింది.

ఆ తర్వాత తలుపు దగ్గర, కింద, నేల మట్టంలో... ధబ్.

ఒక్కసారే. మెత్తగా.

రొహేలియో వెళ్ళి అప్పటికి అరగంటయింది. ఆవిడ తలుపు వంక చూస్తూ కూర్చుంది. ఎంతసేపు కూర్చుందో నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ కూర్చున్న ప్రతి క్షణం నా కౌంటరు దగ్గర్నుంచి పట్టుకెళ్ళిందే కదా.

ఆఖరికి లేచింది. ఇనప పెనం చేతిలోకి తీసుకుంది. తలుపెలా తీయగలిగారండీ అన్నాను.

"దెయ్యమైతే పెనంతో కొడదామనుకున్నా," అంది. "మా ఆయనైతే గట్టిగా కొడదామనుకున్నా."

తలుపు తీసింది. మోకాళ్ళ మీద ఉన్న మనిషి ముందుకి పడ్డాడు.

కనురెప్పలు మంచుతో అతుక్కుపోయి ఉన్నాయి. ఒక చేతి తొడుగు లేదు. మాట పెగల్లేదు. ఒఫేలియా ఆయన్ని ఈడ్చుకెళ్ళి పొయ్యి ముందు పడేసింది. తడి బట్టలు ఊడదీసి, ఉన్న దుప్పట్లన్నీ కప్పి, తనూ ఆ దుప్పట్లలోనే దూరి గట్టిగా పట్టుకుంది. ఇంట్లో కట్టెలు లేవు. వంటింటి కుర్చీలు నాలుగూ విరగ్గొట్టి పొయ్యిలో పెట్టింది. రాత్రి గడిచేసరికి బల్ల కూడా పోయింది.

రాత్రి ఎనిమిదింటికి ఆయనకి మాటొచ్చింది. కొట్టంలోంచి బయటికొచ్చాక ఇల్లు కనబడలేదట. సూటిగానే నడిచానన్నాడు. ఎంత నడిచినా గోడ తగల్లేదు. కాలి కింద నేల నున్నగా అయింది. అప్పుడు తెలిసింది, తను సరస్సు గట్టు దాటి గడ్డకట్టిన నీళ్ళ మీద నిలబడ్డానని. ఎటు తిరిగినా ఒకటే తెలుపు. చేతిలో కట్టెలు జారిపోయాయి. కాసేపు కూర్చుంటే బాగుండునని అనిపించిందట. చలిలో ఆ ఆలోచన వస్తే ఇక ఏప్రిలే.

"అప్పుడు వినబడింది," అన్నాడు. "నా కేక నాకే వినబడని గాలిలో... గాజు మీద చప్పుడు. అటు నడిచాను. తప్పినప్పుడల్లా ఇంకా గట్టిగా కొట్టావు. నువ్వు అలా కిటికీలు బాదకపోయుంటే..."

దుప్పట్లోంచి చేయి తీసి ఆవిడ చేయి పట్టుకున్నాడు.

"థాంక్స్, ఒఫేలియా."

ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆ మాట ఆవిడ మొట్టమొదటిసారి వినడం. తీరా విన్నాక చూస్తే, తనకి చెందింది కాదు.

కానీ ఆయన ఇంకా వణుకుతున్నాడు. ఆ స్థితిలో ఉన్న మనిషికి నిజం చెప్పడం మందు కాదు. అందుకని ఆవిడ, "పడుకో ముసలాడా," అని ఊరుకుంది.

మూడోరోజుకి రోడ్డు మీద మంచు తీశారు. ఒఫేలియా తనే ట్రక్కు నడుపుకుంటూ నా కొట్టుకొచ్చింది. ముందుగా ఆ తాడు అడిగింది. నేను మేకు మీంచి తీసిచ్చాను. తర్వాత ఇదంతా చెప్పింది. అంతా విన్నాను. అయినా అలవాటు పోదు కదా.

"చూశారా, ఆర్వో మంచివాడే," అన్నాను నవ్వడానికి ప్రయత్నిస్తూ. "బయట తిరుగుతూ మీ ఆయనకి దారి చూపించాడు."

ఆవిడ నవ్వలేదు. కౌంటరు మీదికి వంగింది.

"తెల్లారాక ఆయన నిద్రపోతుంటే, ఏడు కిటికీలూ తిరిగి చూశాను," అంది గుసగుసగా. "గాజు మీద మంచు పూత మందంగా పట్టేసి ఉంది. ప్రతి పూత మీదా వేళ్ళ కణుపుల గుర్తులు. నాలుగేసి గుర్తులు, పక్కపక్కనే. నా చేయి ఎదురుగా పెట్టి చూశాను... నా చేతి కంటే చిన్నవి. ఆడమనిషివి."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు.

"ఆ పూత గీకుదామని బయటికి వెళ్ళాను," అంది. "బయట గాజు శుభ్రంగా ఉంది."

చలికాలంలో కిటికీకి మంచు పూత లోపలి వైపునే పడుతుంది. ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ తెలుసు ఆ సంగతి. ఎల్ పాసో ఆవిడకి ఆ పొద్దునే తెలిసింది. పదకొండేళ్ళుగా బయట ఎవరో తిరుగుతున్నారని కథలు చెప్పిన మాకు మాత్రం... ఎవరో తడతారని, తలుపు తీయొద్దని చెప్పడమే తప్ప... ఎటు వైపు నుంచి తడుతున్నారో ఒక్కసారి కూడా తోచలేదు. మొగుణ్ణి పోగొట్టుకుని నలభై మూడేళ్ళు ఒంటరిగా ఉన్న ఎల్మా, ప్రతి తుఫానులోనూ ఆ ఇంట్లో ఏం చేస్తూ గడిపిందో మేం ఎవరం వెళ్ళి అడగలేదు.

ఒఫేలియా ఇంకో వస్తువు కావాలంది. కిటికీలకి లోపలి నుంచి అంటించే ప్లాస్టిక్ పొరలు, చలి రాకుండా ఆపేవి. నేను ఏడు లెక్కపెట్టి పెట్టాను.

ఆవిడ ఒకటి తీసి వెనక్కి జరిపింది.

"ఆరు చాలండీ," అంది. "ఒకటి ఆవిడకి ఉండనివ్వండి."