కుట్టు ఊడని బొమ్మ

"మీ రైలు ఫెయిలండీ," అంది ఆమె, కౌంటర్ కిటికీలోంచి కాగితం బయటికి తోస్తూ.

అతను కాగితం చదివాడు. "పొగగొట్టం ఊడిందా?"

"మూడో దెబ్బకి."

"అంటే మూడుసార్లు కింద పడేశారా?"

"ఐదుసార్లు పడెయ్యాలి. మూడోసారికే ఊడింది. మిగతా రెండూ రూలు కోసం పడేశాను."

"మూడేళ్ళ పిల్లాడు రైలుని ఐదుసార్లు పడేస్తాడా?"

"మీకు పిల్లలున్నారా?"

"పెళ్ళే కాలేదు."

"నాకూ కాలేదు. అయినా తెలుసు," అని ఆమె కిటికీ మూసేసింది.

ఆమె ఉద్యోగం బొమ్మల్ని విరగ్గొట్టడం. కొత్త బొమ్మ ఏదైనా దుకాణానికి చేరాలంటే ముందు ఈ పరీక్షల కేంద్రానికి రావాలి. ఇక్కడ దాన్ని భుజం ఎత్తు నుంచి పడేస్తారు, కళ్ళు పట్టుకుని లాగుతారు, కుట్లని యంత్రానికి తగిలించి ఏడు కిలోల బలంతో పది సెకన్లు గుంజుతారు. తట్టుకుంటే పాస్. తొమ్మిదేళ్ళుగా ఆమె ఈ పని చేస్తోంది. ఫ్యాక్టరీల వాళ్ళు ఆమెకు 'సుత్తి మేడమ్' అని పేరు పెట్టారు. నిజానికి సుత్తి వాడేది ఒక్క పరీక్షలోనే.

గోడ మీద రెండు రూల్సు రాసి ఉంటాయి. ఒకటి, చెప్పులు బయట విడవాలి. రెండు, బంధువులు కానివారి నుంచి సిబ్బంది ఏ వస్తువూ తీసుకోరాదు, టీతో సహా.

అతను ఊరికి అటు చివర ఉన్న బొమ్మల ఫ్యాక్టరీలో డిజైనర్. మేనేజర్ కార్లు గియ్యమంటాడు, అతను రైళ్ళు గీస్తాడు. రెండో రైలు చక్రం దగ్గర పోయింది. మూడోది రంగు పెచ్చులు లేచి పోయింది. నాలుగోది మళ్ళీ పొగగొట్టం.

నాలుగోదాన్ని అతనే స్వయంగా తెచ్చాడు. కౌంటర్ గుమాస్తాను అక్కడ అందరూ బాబాయ్ అంటారు. బాబాయ్ కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"పోస్టులో పంపొచ్చు కదా బాబూ?"

"దారిలో పాడవుతుందని, బాబాయ్."

"ఇక్కడికొచ్చేది పాడవడానికే కదా."

ఐదోదాన్ని కూడా స్వయంగానే తెచ్చాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఆమె ఆవరణలో రేకుల షెడ్డు కింద బెంచీ మీద కూర్చుని ఫ్లాస్కులో టీ తాగుతుంది. ఆ వేళకి అతను తన టీ తను కొనుక్కుని వచ్చి బెంచీకి రెండో చివర కూర్చునేవాడు. షెడ్డు రేకు ఆమె వైపు కారేది. వాన వచ్చిన రోజు ఆమె బెంచీ మధ్యకు జరిగింది. వాన తగ్గాక వెనక్కి జరగలేదు.

"ఇన్ని రైళ్ళెందుకు? ఒక్క కారు గియ్యొచ్చు కదా," అని ఆ రోజే అడిగింది.

"చిన్నప్పుడు బడికెళ్ళే దారిలో ఒక షాపు ఉండేది. అద్దంలో ఆకుపచ్చ రైలు. కీ ఇస్తే గుండ్రంగా తిరిగేది. క్లాసులో ఫస్టొస్తే కొంటానన్నాడు నాన్న."

"రాలేదా?"

"వచ్చాను. బూట్లు కొన్నాడు."

"అదేంటి?"

"రైలు ఆగుతుందిరా, కాళ్ళు ఆగవు, పెరుగుతున్నాయి అన్నాడు. మర్నాటి నుంచి ఆ బూట్లేసుకునే ఆ షాపు ముందు నిలబడేవాణ్ణి."

ఆమె కాసేపు టీ తాగింది.

"మీకేం కావాలనుండేది?" అన్నాడు అతను.

"పడుకోబెడితే కళ్ళు మూసే బొమ్మ. పక్కింటి పిల్లకి ఉండేది. ముట్టుకోనిచ్చేది కాదు, చూడనిచ్చేది. అమ్మని అడిగితే వచ్చే ఏడాది కొంటాననేది. ఏటా అదే మాట. చివరికి ఒక ఏడాది, ఈ వయసులో బొమ్మలేంటే అంది." ఫ్లాస్కు మూత బిగించింది. "ఆ రెండు మాటల మధ్య కొనే సంవత్సరం ఒకటి ఉండాలి కదా. అది ఎప్పుడొచ్చి వెళ్ళిపోయిందో నాకు తెలీదు."

"అందుకే ఈ ఉద్యోగంలో చేరారా?"

"ప్రకటనలో 'బొమ్మలతో పని' అని వేశారు. ఏం పనో వెయ్యలేదు."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. లేచి వెళ్తూ, "మీ ఐదో రైలు కూడా ఫెయిలే. టీ చల్లారిపోతుందని ఇందాక చెప్పలేదు," అంది.

ఏడాది మీద మూడు నెలలు ఇలా గడిచింది. ఏడు రైళ్ళు పోయాయి. ఒక మధ్యాహ్నం ఆమె మామూలుగానే చెప్పింది.

"వచ్చే ఒకటో తారీఖు నుంచి నేనిక్కడ ఉండను. బదిలీ."

"ఎక్కడికి?"

"కొత్త కేంద్రానికి. రైల్లో పద్నాలుగు గంటలు." ఒక్క క్షణం ఆగింది. "పొగగొట్టం ఉండని రైలు."

అతను లెక్క వేసుకున్నాడు. ఇరవై తొమ్మిది రోజులున్నాయి.

మనసులో మాట ఎదురుగా చెప్పెయ్యొచ్చు. రెండుసార్లు ప్రయత్నించాడు. మొదటిసారి, "మేడమ్, ఒక మాట..." అనగానే ఆమె, "రంగులో సీసం ఎక్కువుందా?" అని అడిగింది. రెండోసారి బాబాయ్ వచ్చి ఇద్దరి మధ్య కూర్చుని టిఫిన్ డబ్బా విప్పాడు.

దాంతో అతను చేతనైన పని చేశాడు. బొమ్మను తయారు చేశాడు. గుడ్డ ఒళ్ళు, గట్టి తల, రెప్పల వెనక సీసపు గుండు బదులు ఇనుప గుండు. పడుకోబెడితే కళ్ళు మూస్తుంది. కళ్ళు ఊడకుండా లోపలి నుంచి మర బిగించాడు. రెండు వారాలు కూర్చుని ఉత్తరం రాశాడు. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బొమ్మ పొట్టలో దూది మధ్య దాచాడు.

బహుమతిగా ఇస్తే ఆమె తీసుకోదు, రూలుంది. సాంపుల్‌గా ఇస్తే తీసుకోవాల్సిందే, దానికీ రూలుంది. పరీక్షల్లో చివరిది కుట్టు గుంజడం. మామూలు దారంతో ఒక్క వరస కుడితే ఐదు కిలోల దగ్గర ఊడుతుంది. ఊడితే ఉత్తరం ఆమె చేతిలో పడుతుంది. ఏడు రైళ్ళు ఆమె చేతిలో ఓడిపోయిన అనుభవంతో వేసిన పథకం ఇది.

వీపు కుట్టడానికి ఫ్యాక్టరీ కుట్టు విభాగంలో అందరూ అక్క అని పిలిచే ఆవిడకు ఇచ్చాడు.

"మామూలు దారం అక్కా. ఒక్క వరస చాలు."

"ఎక్కడికి తమ్ముడూ, సుత్తి మేడమ్ దగ్గరికేనా?"

"అవునక్కా."

"సరే, వదిలెయ్. నేను చూసుకుంటా."

పద్దెనిమిదో తారీఖున బొమ్మను కౌంటర్లో ఇచ్చాడు. ఫారంలో 'ఎన్ని బొమ్మలు తయారు చేయదలిచారు' అన్న గడి ఉంది. 'ఒకటి' అని రాశాడు. బాబాయ్ అది చదివి, అతని మొహం చూసి, స్టాంపు వేశాడు.

ఇరవై మూడున రిపోర్టు వచ్చింది.

'పడవేత: పాస్. కళ్ళు: పాస్. కుట్టు: పాస్. లోపాలు: లేవు.'

అతను దాన్ని నాలుగుసార్లు చదివి కుట్టు విభాగానికి వెళ్ళాడు.

"అక్కా, ఏ దారం వాడావు?"

"నైలాన్. నాలుగు వరసలు." అక్క మిషన్ ఆపింది. "ఏడుసార్లు తల వేలాడేసుకుని వచ్చావు తమ్ముడూ, చూళ్ళేకపోయాను. ఈసారి పాసయ్యావా లేదా?"

"పాసయ్యానక్కా."

"మరి ఆ మొహమేంటి?"

ఒకవేళ ఆమె ఉత్తరం చదివిందేమో, 'లోపాలు: లేవు' అన్నదే ఆమె జవాబేమో అని రెండు రోజులు ఆశపడ్డాడు. మూడో రోజు ఆ ఆశ మాత్రం కుట్టు పరీక్షకు నిలవలేదు. ఇరవై ఎనిమిదిన, సాయంత్రం కౌంటర్ మూసే వేళకి వెళ్ళి, మళ్ళీ పరీక్షించమని దరఖాస్తు ఇచ్చాడు.

ఆమె కిటికీ దగ్గరికి వచ్చి దరఖాస్తు పైకే చదివింది. "'కారణం: కుట్టు అవసరానికి మించి గట్టిగా ఉంది.'"

"అవునండీ."

"ఫెయిలైందని గొడవ పడ్డవాళ్ళని చూశాను. ఒకాయన ఏడ్చాడు కూడా. పాసైందని గొడవకొచ్చిన మనిషి మీరొక్కరే."

"మళ్ళీ లాగండి."

"ఎంత లాగాలి?"

"ఊడేదాకా."

"ఊడేదాకా లాగే పరీక్ష లేదు. ఏడు కిలోలు, పది సెకన్లు."

"పోనీ బ్లేడుతో కోసెయ్యండి."

"పాసైన బొమ్మని కొయ్యడానికి నాకేం అధికారం?"

"నేనే చేశాను, నేనే చెప్తున్నాను కదా. కోసెయ్యండి మేడమ్, మీకు పుణ్యముంటుంది!"

వెనక బాబాయ్ ఇందాకటి నుంచి ఒకే కాగితం మీద స్టాంపు వేస్తున్నాడు.

ఆమె లోపలికి వెళ్ళి బొమ్మను తెచ్చింది. కౌంటర్ మీద పడుకోబెట్టింది. బొమ్మ కళ్ళు మూసింది. లేపి కూర్చోబెట్టింది. తెరిచింది.

"లోపల కాగితం ఉందని తెలుసు," అంది.

అతను బొమ్మ వైపు చూశాడు.

"నొక్కినప్పుడు చప్పుడైంది. రిపోర్టులో రాయాలి. రాయలేదు. తొమ్మిదేళ్ళలో నేను రాయకుండా వదిలేసింది అదొక్కటే."

"ఎందుకు?"

"రాస్తే కోసి చూడాలి." బొమ్మ గౌను సరిచేసింది. "రెప్పల పరీక్షకి నాలుగుసార్లు పడుకోబెడితే చాలు. నేను పదకొండుసార్లు పడుకోబెట్టాను. ఇప్పటిదాకా ఇలాంటి వెయ్యి నూట నలభై బొమ్మలకి కళ్ళు పీకానండీ. దీన్ని యంత్రానికి తగిలించినప్పుడు మాత్రం ఊడకూడదు, ఊడకూడదు అనుకున్నాను. ఊడలేదు. ఇక దీన్ని కొయ్యను. ఏం రాశారో నోటితో చెప్పండి."

"రాయడానికే రెండు వారాలు పట్టింది."

"కౌంటర్ ఐదింటికి మూస్తారు. ఇరవై నిమిషాలుంది."

అతను గొంతు సవరించుకున్నాడు. "మొదటి పేజీ రైలు గురించి."

"అది వదిలెయ్యండి."

"రెండో పేజీలో... మీరెళ్ళే ఊళ్ళో కూడా ఒక బొమ్మల ఫ్యాక్టరీ ఉంది. వాళ్ళకి రాశాను. రమ్మన్నారు. మీరు కూడా రమ్మంటే వస్తాను."

"ఫ్యాక్టరీ వాళ్ళు పిలిచాక నన్నడగడమెందుకు?"

"వాళ్ళ కోసం కాదు కాబట్టి." కౌంటర్ అంచు పట్టుకున్నాడు. "మీరంటే నాకు ఇష్టం. నాలుగో రైలు నుంచి. ఐదు, ఆరు, ఏడు రైళ్ళు గట్టిగా చేసుండొచ్చు. చేసుంటే మళ్ళీ రావడానికి కారణం ఉండేది కాదు. నన్ను పెళ్ళి చేసుకుంటారా అని ఉంది చివర్లో. కింద సంతకం."

స్టాంపు చప్పుడు ఆగిపోయింది.

"పెళ్ళైతే మీ బొమ్మల్ని నేను పరీక్షించకూడదు. రూలుంది," అంది ఆమె.

"అది కూడా రాశాను."

"ఏమని?"

"ఇందులో నాకున్న లాభం అదొక్కటేనని."

అప్పుడు ఆమె నవ్వింది. ఏడాది మీద మూడు నెలల్లో అది మొదటిసారి. అతను దాన్ని చూడటంలో పడి మిగతాది అడగడం మర్చిపోయాడు.

ఆమె సొరుగు లాగి ఒక ఫారం తీసింది. పాసైన సాంపుల్‌ను ఎవరైనా ఇంటికి తీసుకెళ్ళడానికి పెట్టుకునే దరఖాస్తు. సాంపుల్ నంబరు, ఆమె హోదా, కొత్త ఊరి చిరునామా అన్నీ నింపి ఉన్నాయి. తేదీ ఇరవై మూడు. 'సమర్పించిన వ్యక్తితో సంబంధం' అన్న గడి ఒక్కటే ఖాళీ.

"బంధువులు కానివాళ్ళ దగ్గర నేనేమీ తీసుకోకూడదు," అంది. "ఐదు రోజులుగా ఈ గడి దగ్గరే ఆగిపోయాను. వచ్చి నోరు విప్పుతారని చూశాను. ఇంకో రెండు రోజులు పోతే నేనే వచ్చేదాన్ని మీ ఫ్యాక్టరీకి."

కలం మూత తీసి 'కాబోయే భర్త' అని రాసింది. బాబాయ్ వైపు తోసింది.

బాబాయ్ కళ్ళజోడు తుడుచుకుని చదివాడు. "కాబోయే అంటే ఇంకా కానట్టే కదమ్మా?"

"బాబాయ్!"

"వేస్తున్నానమ్మా, వేస్తున్నా," అని స్టాంపు వేశాడు.

మర్నాడు ఆమె అతని ఇంటికి వెళ్ళింది. అతని నాన్న బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. రాత్రే కొడుకుని అడిగాడు.

"ఆ అమ్మాయి ఏం చేస్తుందిరా?"

"బొమ్మలు విరగ్గొడుతుంది నాన్నా."

"మంచిదే. నువ్వు చెయ్యి, ఆ అమ్మాయి విరగ్గొడుతుంది. ఇద్దరికీ పనికి లోటుండదు."

అమ్మకు మాత్రం ఒక్క అనుమానం మిగిలింది. ఆమె వచ్చేలోపు గాజు గ్లాసులు తీసి లోపల పెట్టి, స్టీలువి బయట పెట్టింది.

కాఫీలయ్యాక నాన్న కుర్చీ వేసుకుని బీరువా మీది నుంచి అట్టపెట్టె దించాడు. దుమ్ము దులిపి కొడుకు ముందు పెట్టాడు. లోపల ఆకుపచ్చ రైలు ఉంది.

"ఆ షాపు మూసేస్తూ అన్నీ సగం ధరకి ఇచ్చేస్తుంటే కొన్నా," అన్నాడు, గోడ వైపు చూస్తూ. "అప్పటికి నీకు ఇరవై రెండేళ్ళు. ఆ వయసులో చేతికిస్తే నవ్వుతావని పైన పెట్టా."

కొడుకు రైలు వైపు చూస్తూ ఉండిపోయాడు. అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"ఏదీ, ఒకసారి," అని ఆమె రైలును చేతిలోకి తీసుకుంది. కింద పడెయ్యలేదు. అత్తగారింట్లో మొదటి రోజు కాబట్టి ఆ మాత్రం నిగ్రహించుకుంది. కానీ తొమ్మిదేళ్ళ అలవాటు. ఆమె రెండు వేళ్ళు వాటంతటవే పొగగొట్టాన్ని పట్టుకుని, ఒక్కసారి లాగాయి.

పొగగొట్టం ఊడి చేతిలోకి వచ్చింది.

ఆమె పొగగొట్టాన్ని చూసింది. అతను ఆమెను చూశాడు. అమ్మ స్టీలు గ్లాసులు దగ్గరికి లాక్కుంది.

నాన్న వంగి పొగగొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కొడుకు వైపు తిరిగాడు.

"చూశావా? అందుకేరా చిన్నప్పుడు కొననిది."