గీత ఎక్కడ గీయాలి?

ఇంటికి వెళ్ళే గంట కొట్టడానికి ఇంకా ఏడు నిమిషాలుంది. సంచులు సర్దేసుకున్న పిల్లలంతా తలుపు వైపే చూస్తున్నారు. అప్పుడు లెక్కల టీచర్ బోర్డు మీద ఒక అడ్డగీత గీశారు.

"ఈ వారం హోమ్‌వర్క్ కొత్త పద్ధతి. రోజూ పది భాగహారాలు."

"పదా!" క్లాసంతా మూలిగింది. భాగహారంలో పంచుకు తినే భాగమూ లేదు, మెళ్ళో వేసుకునే హారమూ లేదు. గుణకారంలో గుణం సంగతేమో గాని, కారం ఉందని పోయిన నెలే అందరికీ తెలిసింది.

"పూర్తిగా వినండర్రా! పది ఇస్తాను. కానీ గడియారం చూసుకుని ఇరవై నిమిషాలే చేయండి. టైమ్ అయిపోగానే, ఎంతవరకు వస్తే అక్కడ ఇలా గీత కొట్టండి. పక్కన ఇంట్లో పెద్దవాళ్ళ సంతకం."

వెనక బెంచీ నుంచి డబ్బా చెయ్యెత్తాడు. నవ్వితే ఖాళీ డబ్బా దొర్లినట్టు ఉంటుంది కాబట్టి వాడికా పేరు.

"మూడే అయితే టీచర్?"

"మూడు దగ్గరే గీత కొట్టు. తిట్టను."

"గీత కింద కూడా చేయొచ్చా?"

"ఇష్టమైతే చేసుకో. గీత మాత్రం ఇరవై నిమిషాల దగ్గరే ఉండాలి."

"ఇరవై నిమిషాల్లో పది నాకు చాలా ఈజీ టీచర్!" అని అరిచింది మూడో బెంచీలోని అమ్మాయి.

ఆ అమ్మాయికి ఇంట్లో పెట్టిన పేరు హాజరుపట్టీలో హాయిగా నిద్రపోతోంది. క్లాసులో అందరూ పిలిచేది గబగబ అనే. అడిగేవాళ్ళు అడగడం పూర్తికాకముందే జవాబు చెప్పేస్తుంది. ఆ జవాబు ఒక్కోసారి వేరే ప్రశ్నది.

పక్కన కూర్చునే దూది మాత్రం "చూద్దాం" అంది. గొంతు దూదంత మెత్తన కాబట్టి ఆ పేరు. పరుగు మాత్రం మెత్తన కాదు. రిలే జట్టులో చివరి పరుగు దూదిదే. శనివారం ఆటల పీరియడ్‌లో పక్క సెక్షన్‌తో పోటీ ఉంది.

ఆ సాయంత్రం గబగబ గడియారం ముందు పెట్టుకుని కూర్చుంది. ఒకటి, రెండు, మూడు... చకచకా నడిచాయి. ఐదో లెక్క మొరాయించింది. ఆరువందల పద్దెనిమిదిని ఆరుతో భాగించాలి. పదమూడు వచ్చింది. గుణించి చూస్తే డెబ్భై ఎనిమిది. మిగతా అంకెలన్నీ ఏ దారిన పోయాయో తెలియలేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ పదమూడే.

ఇరవై నిమిషాలు అయిపోయాయి.

నాలుగు! పది ఈజీ అని అంత గట్టిగా అరిచి, నాలుగా? రేపు డబ్బా నవ్వితే వీధి చివరికి వినిపిస్తుంది.

గబగబ గీత కొట్టలేదు. గడియారాన్ని గోడవైపు తిప్పేసింది. చిత్తుకాగితాల మీద కుస్తీ పడుతూ, వచ్చిన జవాబుని గుణించి చూసుకుంటూ, తప్పితే ఇంకో అంకె పెట్టి చూస్తూ ఒక్కొక్కటే లాగింది. కింది ఇంటి పిల్ల ఆడుకుందాం రమ్మంటే తలనొప్పి అంది. పది లెక్కలు పూర్తయ్యేసరికి గంటన్నర. పదో లెక్క కింద స్కేలు పెట్టి తిన్నగా గీత గీసింది.

అమ్మ ఆరింటికి వచ్చింది. అమ్మ సిటీబస్సు డ్రైవర్. ఖాకీ చొక్కా విప్పకుండానే పుస్తకం చూసింది.

"ఇరవై నిమిషాల్లో పది చేసేశావా? నా తల్లే! నేను నీ వయసులో ఇరవై నిమిషాలు పెన్సిలే చెక్కేదాన్ని" అని సంతోషంగా సంతకం పెట్టింది.

మంగళవారం గబగబ గీత చూసి ఇద్దరు ముగ్గురు నోరెళ్ళబెట్టారు. బుధవారానికి వాళ్ళ గీతలు కూడా కిందికి జారాయి. గురువారానికి క్లాసులో గీతలన్నీ పదో లెక్క కిందే ఉన్నాయి. ఒక్క దూది గీత తప్ప. అది ఐదో లెక్క కింద.

టీచర్ పుస్తకాలు మూసి నవ్వారు. "నేనే మిమ్మల్ని తక్కువ లెక్కేశాను. ఇవాళ్టి నుంచి పదిహేను ఇస్తాను."

ఈసారి మూలగడానికీ లేదు. ఏమని అంటారు?

"దూదీ, నీకొక్కదానికే కష్టంగా ఉన్నట్టుంది. శనివారం ఆటల పీరియడ్‌లో నా దగ్గర కూర్చో. మళ్ళీ నేర్పుతాను, సరేనా?"

టీచర్ ప్రేమగానే అన్నారు. దూది తల ఊపింది. ముఖంలో నవ్వు మాత్రం భాగించగా మిగిలిన శేషంలా సున్నా.

మెట్లు దిగుతూ దూది, గబగబ చెయ్యి పట్టుకుంది. "నువ్వు పది ఎలా చేస్తావే? నాకు ఐదు దాటట్లేదు. నాకు బుర్ర తక్కువేమో కదూ?"

గబగబ చెయ్యి విడిపించుకుని మిగతా మెట్లు రెండేసి చొప్పున దిగేసింది.

ఆ రోజు పదిహేను లెక్కలకి రెండు గంటలు పట్టింది. అమ్మ కూడా ఆలస్యంగా వచ్చింది. చెప్పులు ఒకటి తలుపు దగ్గర, ఒకటి బల్ల కింద పడ్డాయి.

"ఏమైందమ్మా?"

"ఏం చెప్పను! నా రూటు ఒక ట్రిప్పుకి నలభై నిమిషాలు. కొత్త డ్రైవరొకడు గొప్ప కోసం ముప్ఫైలో తిప్పానని షీటులో రాశాడు. మధ్యలో రెండు స్టాపుల్లో అసలు ఆపనే లేదట! అది చూసి ఆఫీసువాళ్ళు ఇక అందరూ ముప్ఫైలోనే రావాలన్నారు. ఇవాళ ఒక ముసలావిడ మెట్టెక్కుతుంటే 'తొందరగా, అవ్వా' అని కసిరాను. నేను! కసిరాను!"

"మరి మిగతా డ్రైవర్లు?"

"భయపడి వాళ్ళూ ముప్ఫై అనే రాస్తున్నారు. నేను నలభై అని నిజం రాశాను. దాంతో ఏమైంది? నాకొక్కదానికే బండి నడపడం రాదట!"

అమ్మ పెన్ను తీసి పుస్తకం ముందుకి లాక్కుంది.

"పదిహేనే! నువ్వయినా నా పరువు..."

"అమ్మా, సంతకం పెట్టకు."

"ఏమే?"

"నావి... నాలుగే." తరువాతి మాటలకి ముందు కన్నీళ్ళొచ్చాయి. ఆ తరువాత ఒక్కొక్క మాటా వచ్చింది. గోడవైపు తిరిగిన గడియారం, లేని తలనొప్పి, శనివారం పరుగెత్తలేని దూది.

అమ్మ తిట్టలేదు. కూతురి చెంప తుడిచి, పెన్ను దాని చేతికే ఇచ్చింది.

"నా సంతకం నీ గీతకి కదా. గీత ఎక్కడో చూపించు."

గబగబ నాలుగో లెక్క కింద గీత గీసింది. స్కేలు లేకుండా గీసింది కాబట్టి కాస్త వంకరగా వచ్చింది. అమ్మ దాని పక్కనే సంతకం పెట్టింది.

శుక్రవారం ఉదయం గబగబ అందరికంటే ముందు టీచర్ బల్ల దగ్గరికి వెళ్ళింది.

"నిన్న పది, ఇవాళ నాలుగా?" అన్నారు టీచర్.

"నిన్నా నాలుగే టీచర్. సోమవారం నుంచీ నాలుగే." పేజీలు వెనక్కి తిప్పి, రోజుకొకటి చొప్పున అసలు గీతలు గీసింది. "పది ఉన్నవన్నీ గంటన్నరవి. దూది ఒక్కతే నిజం గీసింది. దూది నాకంటే ఎక్కువ చేసింది టీచర్."

"టీచర్..." వెనక బెంచీలో డబ్బా లేచాడు. ఈసారి నవ్వలేదు. "నావి మూడు."

"నావి నాలుగు." "నావీ నాలుగే టీచర్." పుస్తకాలు తెరుచుకున్నాయి. పెన్నులు కదిలాయి.

టీచర్ బెంచీల మధ్య తిరిగి ఒక్కొక్క గీతా చూశారు. అన్నీ దాదాపు ఒకే చోట ఆగాయి. జవాబు మధ్యలో సున్నా రావాల్సిన చోట.

"అంటే సున్నా సంగతి నేను మీకు సరిగ్గా చెప్పలేదన్నమాట" అన్నారు మెల్లగా. "నాకు తెలిసేదెలాగర్రా? శనివారం ఆటలు ఆటలే. దూదీ, నువ్వు పరుగెత్తాలి. ఇవాళ హోమ్‌వర్క్ మూడే లెక్కలు. ముందు సున్నా చూద్దాం."

టీచర్ బోర్డు తుడిచేలోగా గబగబ తన పుస్తకాన్ని దూది వైపు జరిపింది. ఐదో లెక్క మీద వేలు పెట్టింది.

"ఇది నాకు గుడ్డిగా అంకెలు పెట్టి చూస్తేగాని రాలేదు. నువ్వెలా చేశావో చెప్పవా?"

దూది పెన్సిల్ తీసుకుని, గబగబకి బాగా కనిపించేలా కాస్త దగ్గరికి జరిగింది.