మూల సీట్లో కదిలే బాణం

కొండాపూర్‌లో ఒక అద్దాల మేడ ఉంది. దాని ఆరో అంతస్తులో ఒక మూల సీటు... రాత్రయితే ఆ దరిదాపులకి ఎవరూ పోరు. పగలంతా మేనేజర్ల మీద మీసాలు మెలేసే వీరులు కూడా, రాత్రి షిఫ్టులో ఆ మూలకి పోవాలంటే తోడు వెతుక్కుంటారు. నవ్వకండి. చెట్లూ పుట్టలూ కొట్టేసి మేడలు కట్టాం కదా, దెయ్యాలు మాత్రం ఎక్కడికి పోతాయి పాపం?

అక్కడివాళ్ళు చెప్పేదేమిటంటే — అర్ధరాత్రి దాటాక ఆ సీట్లో కంప్యూటరు దానంతట అదే వెలుగుతుంది. తెర నిండా సముద్రం. ఆ సముద్రం మీద బాణం గుర్తు చకచకా తిరుగుతుంది. మౌస్ మీద మాత్రం చెయ్యి ఉండదు.

"ఆ విమానంలో పోయినవాళ్ళే... ఎక్కడ పడ్డామా అని వెతుక్కుంటున్నారు" అని క్యాంటీన్లో గుసగుసలు.

ఏ విమానమంటే, పరాయి దేశంలో ఎగిరి, దిగాల్సిన చోట దిగకుండా మాయమైన విమానం. ఆ దేశపు మంత్రిగారు రోజూ పొద్దున్నే తెర మీద కనిపించి, కళ్ళు తుడుచుకుని, సముద్రం ఫొటోలు పంపుతాం, లోకంలో చెయ్యగలిగినవాళ్ళంతా సాయం పట్టండి అన్నాడు. తెల్లగా ఏది తేలుతున్నా దాని చుట్టూ ఎర్ర సున్నా చుట్టాలి. సున్నా చుట్టినా, దాని రంగు మార్చినా, ఆ కంప్యూటరు ఎవరిదైతే వాళ్ళ పేరు కింద పడుతుంది. అక్కడి అధికారులు దాన్ని పెద్దది చేసి చూస్తారు. ఏమీ లేదని తేలితే సున్నా పచ్చబడుతుంది. ఈ మేడలోని కంపెనీకి అలాంటి పని కొట్టినపిండి. డ్రైవరు లేని కార్ల కోసం రోడ్ల ఫొటోల్లో మనుషుల్నీ ఆవుల్నీ గుర్తుపట్టి గీతలు గీయడమే వాళ్ళ బతుకుతెరువు. అందుకని వాళ్ళూ ఓ చెయ్యి వేశారు. అవతలివాళ్ళు సాంకేతిక సాయం పేరుతో ఆ మూల కంప్యూటరుకి తమ దగ్గర్నుంచి దారి పెట్టుకున్నారు.

ఆ సీట్లో పగలు కూర్చునేది ఎవాంజెలిన్. అందరూ భయపడి జరిగిపోయినా ఆ పిల్ల జరగలేదు. ఆ విమానంలో వాళ్ళన్న సాల్మన్ ఉన్నాడు.

సాల్మన్ లిఫ్టు మెకానిక్. కొత్తరకం లిఫ్టు నేర్చుకురమ్మని వాళ్ళ కంపెనీ పంపింది. హఫీజ్‌పేట్‌లో కిరాయి ఇల్లు, అమ్మ మరియమ్మ, చెల్లెలు. ఇంట్లో ఆదరణ కూడిక పెడదామని పాస్టరుగారు రెండుమార్లు వచ్చారు. మరియమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

"ఇంక వెతుకుతుండ్రు గదయ్యా. వెతుకుతుంటే పోయిండని ప్రార్థన జేస్తమా?"

రోజూ కూతురు ఇంటికి రాగానే ఒకటే ప్రశ్న. "ఇయ్యాల ఏమన్న దొరికిందా బిడ్డా?"

ఆ రోజు దొరికింది. నీలం నీళ్ళలో తెల్లటి ముక్క... ఒక అంచు గీత గీసినట్టు తిన్నగా ఉంది. నురగకి అలాంటి అంచు ఉండదు. ఎవాంజెలిన్ ఎర్ర సున్నా చుట్టింది. ఇంటికి ఫోను చేసి, రాత్రికి రానని అమ్మకి చెప్పింది.

లోపలికి ఫోను తీసుకుపోనివ్వరు కాబట్టి లాకర్లో పెట్టి వస్తుంటే, సెక్యూరిటీ లింగమూర్తి అడ్డం పడ్డాడు.

"పోకు బిడ్డా... గా సీటు మంచిది గాదు. నిన్న గూడ జూసిన. మనిషి లేడు, బాణం తిరుగుతున్నది."

"మా అన్నే అయితే నన్నేం జేస్తడు కాకా?" అంది మెల్లగా.

ముసలాయన పక్కకి తప్పుకున్నాడు.

లైట్లు ఆరిపోయాయి. ఏసీ చప్పుడు తప్ప మరేమీ లేదు. మూల సీట్లో, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నల్లటి తెరకేసి చూస్తూ కూర్చుంది. ఎంతసేపో...

తెర వెలిగింది.

సముద్రం. సముద్రం మీద బాణం. అది కదిలింది.

బాణం ఒక ఎర్ర సున్నా మీదికి పోయింది — పచ్చబడింది. ఇంకో సున్నా — పచ్చ. ఇంకోటి — పచ్చ. ఒక్కదాన్నీ పెద్దది చేయలేదు, చూడలేదు. కోడి గింజలు ఏరినట్టు టకటకా నొక్కుకుంటూ వచ్చి, తిన్నని అంచున్న ఆ తెల్లముక్క దగ్గర... ఆగింది.

అక్కడే తచ్చాడింది. పోలేదు.

"అన్నా..." పిలిచింది. "నువ్వేనా? గిక్కడున్నవా?"

సున్నా పచ్చబడింది.

ఆమెకి ఒళ్ళు మండింది. మౌస్ అందుకుని దాన్ని మళ్ళీ ఎర్రగా చేసింది. బాణం ఉలిక్కిపడ్డట్టు ఆగి, పచ్చగా మార్చింది. ఆమె ఎర్రగా. అది పచ్చగా. మళ్ళీ ఎర్రగా...

అప్పుడు సున్నా పక్కనున్న చిన్న గడిలో, ఎవరి చెయ్యీ లేకుండా, ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే పడ్డాయి.

'ఎవరు మీరు? ఈ వేళకి అక్కడ ఎవరూ ఉండకూడదు.'

దెయ్యం అడిగే ప్రశ్న కాదది. ఉద్యోగి అడిగే ప్రశ్న. వాళ్ళకి మనకన్నా ముందే తెల్లవారుతుంది. మంత్రిగారు తెర మీదికొచ్చే వేళకి ఎర్ర సున్నాలు ఉండకూడదు మరి.

ఎవాంజెలిన్ కొట్టింది — 'మా అన్న ఆ విమానంలో ఉన్నాడు.'

బాణం కదల్లేదు. తర్వాత అక్షరాలు తడబడుతూ వచ్చాయి.

'ఆ సముద్రంలో లేడమ్మా. విమానం రెండో పక్కకి తిరిగిందని మా రాడార్ వాళ్ళకి మొదటి రాత్రే తెలుసు. చెబితే మా రాడార్ ఎంత దూరం చూస్తుందో అందరికీ తెలిసిపోతుందని చెప్పొద్దన్నారు. నన్ను క్షమించ—'

అక్కడితో ఆగింది. ఆగి, చివరి అక్షరం నుంచి వెనక్కి... ఒక్కొక్కటే చెరిగిపోయింది. గడి ఖాళీ. సున్నా పచ్చ. తెర నల్లబడింది.

తెల్లవారుజాము దాకా ఎన్ని మీటలు నొక్కినా మళ్ళీ వెలగలేదు. ఫొటో తీద్దామంటే ఫోను లాకర్లో ఉంది. ఇన్నాళ్ళూ కళ్ళు కాయలు కాసేలా చూసింది ఉత్త నీళ్ళని. తనని వెతకమని కూర్చోబెట్టినవాళ్ళకి అన్న అక్కడ లేడని తెలుసు. ఏడుద్దామన్నా ఏడుపు రాలేదు, లేచి బయటికి నడిచింది.

బయట లింగమూర్తి స్టూలు మీంచి లేచాడు. "కనవడ్డదా బిడ్డా? దెయ్యమేనా?"

"దెయ్యమైతే ఎవరినో ఒకరిని వెతుక్కుంటది కాకా" అంది. "గిది వెతుకుతలేదు."

లాకరు తీసేసరికి ఫోను మోగుతోంది. అమ్మ. మరియమ్మ రోజూ తెల్లవారకముందే లేచి మంత్రిగారి మాటలు చూస్తుంది. అమ్మకి అంతా చెప్పేయాలి, ఇప్పుడే చెప్పేయాలి అనుకుంటూ ఎత్తింది.

"అమ్మా, నేను చెప్పేది ఇను..."

"నువ్వు ఆగు బిడ్డా." మరియమ్మ గొంతు కొత్తగా ఉంది. ఎవరో బయటివాళ్ళతో మాట్లాడినట్టు ఉంది. "వెతుకుడు ఇయ్యాల్టితోటి బంద్ జేసిండ్రంట. ఆఖరి గుర్తు గూడ జూసిండ్రంట, ఏం లేదంట. జూసింది మేం గాదు, విమానంల పోయినోళ్ళ ఇంటోళ్ళే జూసి లేదన్నరని మంత్రి చెప్పిండు."

అక్కడి అధికారులకి ఆ మూల సీటే ఎందుకు కావాల్సి వచ్చిందో ఎవాంజెలిన్‌కి అప్పుడు అర్థమైంది.

"సముద్రం బొమ్మ జూపెట్టిండ్రు. అన్ని పచ్చగున్నయి. ప్రతి దాని కింద నీ పేరే ఉన్నది, ఎవా." తర్వాత మరియమ్మ మెల్లగా అడిగింది.

"మీ అన్న లేడని... నువ్వే రాసిచ్చినవా బిడ్డా?"