చేతి వెనకవైపు

మా ఆయన దేన్నైనా ముందు చేతి వెనకవైపుతోనే ముట్టుకునేవాడు. మోటారు, తలుపు గడియ, ఆఖరికి మా పాప నుదురు కూడా. జ్వరమేమో చూడమంటే వేళ్ల కణుపులు ఆనించి చటుక్కున తీసేసేవాడు. "అదేమైనా కరెంటు తీగా?" అని దెప్పేదాన్ని.

"నీకు తెలీదులేవే," అనేవాడు. "అరచెయ్యి ఆనించినప్పుడు షాకు కొడితే వేళ్లు వాటంతటవే ముడుచుకుపోతాయి. వదులుదామన్నా వదల్లేం. వెనకవైపైతే చెయ్యి ఇవతలికొచ్చి పడుతుంది."

"మరి నా చెయ్యి?"

"నిన్ను వదిలే పనేముంది," అని నవ్వి, నా చేతిని మాత్రం అరచేత్తో పట్టుకునేవాడు.

నేను బట్టలు కుట్టే కంపెనీలో మెషిను మీద పనిచేస్తాను. ఆయన అక్కడే ఎలక్ట్రీషియన్. పోయిన వానాకాలం ఒకరోజు షెడ్డు గుమ్మం దగ్గరి పెట్టెలో ఫ్యూజు పీకి, ఆ పెట్టె మీదే పెట్టి, లోపల ప్యానెల్ గదిలో కాలిన వైరు మార్చడానికి వెళ్లాడు. అలవాటు ప్రకారం ముందు చేతి వెనకవైపు ఆనించే ఉంటాడు. కరెంటు లేదు. అందుకే వైరుని గుప్పిట్లోకి తీసుకున్నాడు. ఇక్కడేమో మెషిన్లు ఆగిపోయాయని ఎవరికో తొందరైంది. ఫ్యూజు మళ్లీ పెట్టేశారు. ఎవరు పెట్టారో ఈ రోజుకీ ఒక్కరూ నోరు విప్పలేదు.

ఆయన్ని ఇంటికి తెచ్చినప్పుడు కుడి గుప్పిలి మూసుకునే ఉంది. ఒక్కసారి అందులో నా చెయ్యి పెట్టి పంపిద్దామనుకున్నాను. ఒక్కో వేలూ పట్టుకుని బతిమాలాను. రాలేదు. అలాగే పంపించేశాం. ఆ బాధ నాకు అన్నం తింటున్నా గుర్తొస్తుంది, సూదిలో దారం ఎక్కిస్తున్నా గుర్తొస్తుంది.

అయినా పని మానలేదు. మానితే ఇద్దరికీ పొట్ట గడవదు. బడి అయ్యాక పాప వచ్చి నా మెషిను పక్కన గుడ్డపీలికల మూట మీద కూర్చుని బొమ్మలు వేసుకుంటుంది. ప్యానెల్ గది వైపు వెళ్తే కాళ్లు విరగ్గొడతానని చెప్పి పెట్టాను. నేనూ అటు వెళ్లను.

ఇవాళ సాయంత్రం ముసురు పట్టింది. షెడ్డంతా మసక చీకటి. పని ముగించే వేళకి కరెంటు పోయింది. మెషిన్లన్నీ ఆగేసరికి రేకుల మీద వాన చప్పుడు పెద్దదైంది. "జనరేటరు వేస్తున్నారు, ఎవరూ లేవకండి," అని సూపర్‌వైజరు అరుస్తున్నాడు.

నేను చెయ్యి చాపి మూట తడిమాను. పాప లేదు.

గోడ పట్టుకుని నడిచాను. కొత్త ఎలక్ట్రీషియన్ జనరేటరు దగ్గరికి పరుగెడుతూ ప్యానెల్ గది తలుపు తీసే వదిలేశాడు. లోపలి నుంచి కాలిన రబ్బరు వాసన. ఆ రోజు ఆయన చొక్కాకి వచ్చిన వాసన. కరెంటు లేదు కదా... అయినా లోపల జుయ్యిమని సన్నగా మోత.

"పాపా..."

"నెమ్మదిగా మాట్లాడమ్మా," అంది గుసగుసగా. "నాన్న జ్వరం చూస్తున్నాడు."

గుమ్మంలోంచి చూశాను. తెరిచిన ప్యానెల్ ముందు నిలబడి ఉంది. చెయ్యి లోపలికి చాపింది. రాగి పట్టీలకి బెత్తెడు దూరం. బయట జనరేటరు దగ్గుతోంది... ఇంకోసారి దగ్గింది... అందుకుంది.

నేను చేరేలోపే ఎవరో కొట్టినట్టు దాని చెయ్యి ఇవతలికొచ్చి పడింది.

షెడ్డులో లైట్లు వెలిగాయి. ఈ గదిలో వెలగలేదు. పాపని ఒళ్లోకి లాక్కున్నాను. అప్పుడు నా చెంపకి ఏదో తగిలింది. చల్లగా, గట్టిగా. వేళ్ల కణుపులు. చటుక్కున దూరం జరిగి, మళ్లీ ఆనాయి.

భయం వేయలేదు. ఏడుపొచ్చింది.

"ఏమయ్యా... నువ్వేనా?"

కణుపులు చెంప మీదే ఉన్నాయి.

"ఒక్కసారి... అరచేత్తో పట్టుకోవయ్యా."

చెంప మీద చెయ్యి మెల్లగా తిరిగింది. ముందు చేతి అంచు. తర్వాత పెచ్చులు కట్టిన అరచెయ్యి. వేళ్లు విచ్చుకుంటున్నాయి... నా జుట్టులోకి వస్తున్నాయి... అప్పుడు ఆయన మాటే గుర్తొచ్చింది. వదులుదామన్నా వదల్లేం.

పాపని చంకనేసుకుని పరుగెత్తాను. ఇన్నాళ్లూ ఏ చెయ్యి కోసం ఏడ్చానో ఆ చేతినే విదిలించుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి పాప తల తుడిచాను. రెండు తిట్టాను, నాలుగు ముద్దలు పెట్టాను. అది ఎడమచేత్తో నీళ్లు తాగుతుంటే కుడిచెయ్యి ఏమైందని అడగాలని కూడా తోచలేదు. పడుకోబెట్టి దుప్పటి కప్పుతుంటే సగం నిద్రలో అంది.

"నువ్వు వద్దన్నావని నాన్న ఏడ్చాడమ్మా."

దాని మొహం మీదికి వంగాను.

"పర్లేదులే. నేను పట్టుకున్నా."

దుప్పటి తీసి చూశాను. కుడి గుప్పిలి మూసుకుని ఉంది. మంచం అవతలి వైపుకి, ఎవరి చేతినో పట్టుకున్నట్టు చాపి ఉంది. ఒళ్లంతా వెచ్చగా ఉంది, ఆ చెయ్యి ఒక్కటే చల్లగా ఉంది. పాప నిద్రలో నవ్వుతోంది.

ఒక్కో వేలూ పట్టుకుని బతిమాలుతున్నాను. రావడం లేదు.