రైజన్న తర్వాత ఏం చూద్దాం?

కొత్తగూడలో ఏ ఇద్దరి మధ్య ఏ మాట నడిచినా నా చెవిన పడకుండా గడప దాటదు. ఇవి గొప్పలు కావు. మా అరుగు సరిగ్గా కేబుల్ సాయిలు గదికి ఎదురుగా ఉంటుంది, నావి ఈ వయసులోనూ పాము చెవులు. రవికిరణ్, హర్షిణిల కథలో ప్రతి మాటా విన్నాను. ఒక్కటి కూడా పోలేదు. కాబట్టి నన్ను నమ్మండి.

హైటెక్ సిటీలో ఆ గుండ్రటి అద్దాల మేడ లేచిన కొత్త రోజులవి. మా మేకలు మేసే బండల మధ్య మెళ్లో కార్డులు వేసుకున్న పిల్లలు తిరగడం మొదలైంది. అలా వచ్చినవాడే రవికిరణ్. గోదావరి జిల్లా రామచంద్రపురం వైపు కుర్రాడు. జపాన్ కంపెనీకి ప్రోగ్రాములు రాసే ఉద్యోగం. మనిషి మరీ మెత్తన. దారికి అడ్డంగా కుక్క పడుకుంటే "కొంచెం జరగండి" అనే రకం.

ఆ జపాన్ కంపెనీ నుంచి మోరిత అనే ఇంజనీరు వచ్చి ఉండేవాడు. ఆయన ఒకనాడు రవికి సంచీడు వీడియో టేపులు ఇచ్చాడు. "మా దేశంలో చిన్నాపెద్దా అందరూ చూసే బొమ్మల కథ. ఇరవై ఏళ్లుగా సాగుతూనే ఉంది. కొండంత ఇనుప మనిషి, పేరు రైజోమారు. లోపల కూర్చుని ఓ కుర్రాడు నడుపుతాడు" అన్నాడు.

రవి దగ్గర టీవీ ఉంది, వీసీఆర్ లేదు. ఆదివారం మధ్యాహ్నం ఒక టేపు పట్టుకుని కేబుల్ గదికి వెళ్లాడు.

అప్పట్లో కేబుల్ వాళ్లకు సొంత చానల్ ఉండేది. ఆదివారం మధ్యాహ్నం టేపు మీద సినిమా వేస్తే బస్తీ అంతా అదే చూసేది. సాయిలు స్తంభాలెక్కి వైర్లు కడితే, డిగ్రీ పూర్తి చేసిన కూతురు హర్షిణి గది చూసుకునేది. రవి వెళ్లేసరికి ఆ పిల్ల మామిడికాయ ముక్కను ఉప్పుకారంలో అద్దుకుంటోంది.

"ఎవరు గావాలె?"

"మీ వీసీఆర్‌లో ఈ టేపు ఒక్కసారి చూసుకోవచ్చాండి?"

"ఇదేమన్న వీడియో పార్లరా? సినిమా నడుస్తున్నది, కనవడ్తలేదా?"

"ఆ రెండో వీసీఆర్ ఖాళీగా ఉంది కదండి..."

"అబ్బ! కండ్లు మంచిగనే ఉన్నయే."

ఒక చేత్తో మామిడి ముక్క, ఇంకో చేత్తో టేపు. టేపు లోపలికి తోసింది. నొక్కాల్సిన మీట ఒకటి, నొక్కింది ఇంకొకటి. సినిమాలో హీరో విలన్ గొంతు పట్టుకున్న క్షణాన, కొత్తగూడలో ప్రతి ఇంట్లోనూ హీరో మాయమై కొండంత ఇనుప మనిషి లేచి నిలబడ్డాడు.

ఫోన్ల మీద ఫోన్లు. ఆ తిట్లకు ఫోను ఎంత వేడెక్కిందంటే దాని మీద చాయ్ కాచుకున్నారని చెప్తారు.

"అంత నీ వల్లనే!" అంది హర్షిణి.

"మీట నొక్కింది మీరు కదండి."

"టేపు తెచ్చిందెవరు?"

"నేనేనండి."

"మరి?"

"నాదే తప్పండి."

ఆ మాటకు హర్షిణికి నవ్వొచ్చింది. ఆపుకోబోయింది గానీ ఆగలేదు. ఉప్పుకారం అంటిన పెదవితో ఓ ఆడపిల్ల అలా నవ్వడం రవి మునుపెప్పుడూ చూసి ఉండడు. లేచి వెళ్లాలన్న సంగతి మర్చిపోయాడు.

మళ్లీ ఫోన్ మోగింది. ఈసారి పాల లక్ష్మమ్మ. "పిల్లా, తియ్యకు దాన్ని! ఆ ఇనుపోడు ఏమంటుండో జర చెప్పు, సమజైతలేదు."

కరెంటు కోతలు చాటడానికి గదిలో ఒక మైకు ఉండేది. హర్షిణి దాన్ని ముందుకు లాక్కుంది. "ఏమంటుండు వాడు?"

"నాకు జపాన్ భాష రాదండి."

"నాకూ రాదు. ఇగ ఫికర్ లేదు, ఇద్దరం సమానమే." మైకు నొక్కింది. "ఓ రాక్షసుడా! మా గల్లీల అడుగు పెట్టినవంటే బొక్కలిరుగుతయ్ బిడ్డా!"

సరిగ్గా అప్పుడే తెర మీద ఇనుప మనిషి పిడికిలెత్తాడు. వీధిలో చప్పట్లు. రైజోమారు ఆ పూటే మా రైజన్న అయిపోయాడు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం సినిమా బంద్, రైజన్న షురూ. రైజన్నకూ, అతన్ని బాగుచేసే మెకానిక్ పిల్లకూ గొంతు హర్షిణిది. లోపల కూర్చునే పైలట్ గొంతు రవిది. అదేమీ ఊరికే రాలేదు.

"'వెళ్తున్నానండి' కాదు, 'పోతున్న' అను. రోబో నడిపేటోడు అండి అంటడా?"

"అనకూడదాండి?"

"నువ్వు రాక్షసునికి గూడ అండి అంటున్నవ్! నిన్న గాక మొన్న 'చచ్చిపోండి' అన్నవ్ వాణ్ని!"

టేపుల మీద రాతలన్నీ జపాన్ భాషలో ఉండేవి. రవి చేతికి దొరికిన వరసలో తెచ్చాడు. దాంతో ఓ వారం బస్తీని ఏడిపించి చచ్చిపోయిన ముసలి కమాండరు, మరుసటి వారం కాలు మీద కాలేసుకుని టీ తాగుతూ కనిపించాడు.

లక్ష్మమ్మ ఫోన్. "ఏందే ఇది? నేను తలకు నీళ్లు గూడ పోసుకుంటి గద!"

"చచ్చిపోయిండనుకున్నరు అత్తమ్మా. దవాఖానల బతికిండు" అంది హర్షిణి, రెప్ప కూడా వేయకుండా.

రవి వెళ్లి మోరితను అడిగాడు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. రెండో కథ ముందు చూపించి, మొదటి కథ తర్వాత చూపిస్తున్నారట వీళ్లు. ఇదొక్కటే కాదు, దీని వెనక ఇంకా బోలెడు కథలున్నాయట. కొత్త ఇనుప మనిషి, కొత్త కుర్రాడు, మధ్యలో సినిమాలు. ఏది దేని తర్వాతో వేళ్లు మడుస్తూ చెప్పాడు. ఊరెళ్లేలోపు ఆ టేపులు ఇంటి నుంచి తెప్పిస్తాననీ అన్నాడు. రవి బుద్ధిగా తలూపాడు. ఒక్కటీ బుర్రకెక్కలేదు.

ఎలా ఎక్కుతుంది? మైకు ఒక్కటే, మనుషులిద్దరు. తలలు దగ్గరికి వస్తే గానీ మాట పడదు. టీవీ వెలుగు ఆ పిల్ల చెంప మీద నీలంగా, ఎర్రగా మారుతుంటే రవి తెర చూడటం మానేసేవాడు. అక్కడ రాక్షసుడు పైలట్‌ను మింగేస్తున్నా ఇక్కడ పైలట్ పలికేవాడు కాదు. హర్షిణి మోచేత్తో పొడిచేది. "ఓ పైలట్ సాబ్! చస్తున్నవ్, జర అరువు!"

టేపు అయిపోగానే ప్రతిసారీ అదే ప్రశ్న. "తర్వాత ఏం చూడాలె?"

"వచ్చే వారం తెస్తానండి" అనేవాడు. ఆ ఒక్క ప్రశ్నను జేబులో వేసుకుని వారమంతా బతికేవాడు.

మోరిత మొదట ఇచ్చిన సంచీలో ఒక్క టేపు మిగిలిన ఆదివారం వచ్చింది. ఆ రోజు హర్షిణి మామిడికాయ కోయలేదు. టేపు అందుకుంటూ ఎటో చూస్తూ అంది.

"వచ్చే ఐతారం నేనుండ."

"ఏమండి?"

"మా మేనత్త సీతాబాయి నార్సింగి సంబంధం తెస్తున్నది. వాళ్లు చూడనీకి వస్తరట."

అడిగాడు మన మొద్దు. "మంచి సంబంధమేనాండి?"

హర్షిణి అతని వైపు తిరిగింది. రైజన్న కూడా రాక్షసులను అలా చూడలేదు. "మంచిదేనట. నాకిష్టం లేదంటే ఎందుకని అడుగుతడు మా నాయిన. నేనేం చెప్పాలె? చెప్పు."

రవి నోరు తెరిచేలోగా బొమ్మ మొదలైంది, ఎదురుగా మైకు వెలిగింది.

ఆ చివరి భాగం ఎంత బాగుందని! రాక్షసులు అయిపోయారు. రైజన్న తుప్పు పట్టి ఓ లోయలో కూలబడ్డాడు. పైలట్ మూట భుజానేసుకుని ఊరు వదిలి పోతున్నాడు. మెకానిక్ పిల్ల గేటు దగ్గర నిలబడింది.

"పోతున్నవా?" అంది హర్షిణి మైకులో.

పైలట్ ఏమంటాడో రవికి తెలుసు. ఆ చివరి మాట మోరిత ముందే చెప్పాడు. 'పోతున్న, పైలంగ ఉండు' అంటే చాలు. కథ అయిపోతుంది, టేపు అయిపోతుంది, వచ్చే ఆదివారం నార్సింగి వాళ్లు వచ్చేస్తారు.

"నేను వెళ్లనండి" అన్నాడు రవి.

బస్తీలో ఎక్కడి చెంబు అక్కడ ఆగింది. ఇన్ని వారాలు మా యాసలో అరిచిన పైలట్ గోదావరి గొంతుతో 'అండి' అంటున్నాడు. తెర మీద చూస్తే నడిచి పోతూనే ఉన్నాడు, మైకులో మాత్రం వెళ్లనంటున్నాడు.

"టేపులు అయిపోయాయండి. కానీ మొదటి రోజు తర్వాత నేను టేపు కోసం రాలేదండి. ఇంకా బోలెడు కథలున్నాయట. ఏది ముందో ఏది వెనకో మోరిత గారు చెప్పారు గానీ నాకు ఆ వరస అక్కర్లేదండి. పక్కన మీరుంటే ఎటు నుంచి చూసినా నాకు అర్థమవుతుంది. ఇది... ఇది మీ నాన్నగారికి చెప్పొచ్చండి."

ఫోన్ మోగింది. "పిల్లా, వాడు పోతుండా, ఉంటుండా? ఏది నిజం?" అని లక్ష్మమ్మ.

హర్షిణి రిసీవర్ పక్కన పెట్టేసింది. పైలట్ కొండ దాటాడు. తెర నిండా చుక్కలు. ఆ పిల్ల పెదవి కదిలింది.

సరిగ్గా అప్పుడే వాన! ఏం వానండీ అది! కేబుల్ గది రేకుల మీద వెయ్యి డప్పులు ఒక్కసారే మోగినట్టు. ఇంటింటా జనం టీవీలకు చెవులు ఆనించారు. హోరు తప్ప ఏమీ లేదు. ఆమె చెప్పిన మాట రవి ఒక్కడే విన్నాడు.

చాలాసేపటికి వాన తగ్గి మైకు పలికింది. హర్షిణి గొంతు, తడిగా, నవ్వుతూ. "వచ్చే ఐతారం గూడ బొమ్మ ఉంటది. కొత్త కథ."

సాయిలు అప్పుడు కొత్తగూడ చౌరస్తాలో చాయ్ తాగుతున్నాడు. హోటల్లో టీవీ వైపున్న తలలన్నీ ఒక్కసారి ఆయన వైపు తిరిగాయట. సాసర్ కింద పెట్టి స్కూటర్ తీశాడు. గుమ్మంలో ఆయన్ని చూడగానే రవి లేచి నిలబడ్డాడు.

"నమస్కారమండి."

"ఇన్ని వారాల సంది చూస్తున్న, రాక్షసుల మీదికి గంతగనం ఉరుకుతివి. నా ముందట వణుకుతున్నవేంది?"

"రాక్షసులకు కూతుళ్లు లేరండి."

సాయిలు నవ్వు బిగబట్టి చూశాడు, చూశాడు, ఫక్కున నవ్వాడు. కూతురి వైపు తిరిగాడు. "ఏం బిడ్డా?"

హర్షిణి తల వంచి వీసీఆర్ దుమ్ము తుడవడం మొదలుపెట్టింది. లేని దుమ్ము.

"సీతక్కకు నేను చెప్తలే" అన్నాడు సాయిలు మెల్లగా. "నువ్వు మీ అమ్మానాయినలను తోలుకరా. ఐతారం నాడే రమ్మను. బొమ్మ చూసినంక మాట్లాడుకుందం."

వాళ్లు ఆదివారమే వచ్చారు. రవి వాళ్లమ్మ జయంతిగారు లక్ష్మమ్మ పక్కన కూర్చుని, ఈ కొత్త ఇనుప మనిషి పాతవాడికి ఏమవుతాడని అడిగింది. "తమ్ముడు" అంది లక్ష్మమ్మ. మాటలు కుదిరాయి.

ఇక నిజం చెప్పేస్తాను. ఆ వాన నేను కురిపించింది. ఆ రోజు చుక్క పడలేదు. మామిడికాయ ముక్కలు మొదట్లోనే చూపించాను, అది ఎండాకాలమని మీరు పట్టుకోలేదు. ఆ గదికి రేకులు కూడా లేవు, అది స్లాబు. జరిగిందల్లా ఏమిటంటే హర్షిణి మైకు ఆపేసింది, లేచి నా అరుగు వైపు చూసి కిటికీ కూడా మూసేసింది. ప్రతి మాటా విన్నానని గొప్పలు పోయాను కదా, తీరా అసలు మాట ఒక్కటే నా పాము చెవిన పడలేదు.

ఇప్పటికీ అడుగుతుంటాను, ఏమన్నావమ్మా ఆ రోజు అని. నేను ఈ కథ ఎలా చెప్తానో ఇద్దరికీ తెలుసు. మొగుడి ముఖం చూసి నవ్వుకుని అంటుంది.

"ఏం జెప్పాలె తాతా, గంత వానల నాకే ఇనవడలే."