మిగిలిన రెండు కుట్లు

ఆ అమ్మాయి నాతో అన్న మొట్టమొదటి మాట, "మీ జవాబు తప్పు."

అప్పటికి ఆమె ఆఫీసులో అడుగుపెట్టి పది నిమిషాలైంది. బ్యాగు ఇంకా భుజం మీదే ఉంది. నా పేరు అడగలేదు, తన పేరు చెప్పలేదు. నా స్క్రీన్ వైపు ఒకసారి వంగి చూసి, మూడేళ్ళుగా నేను సాకుతున్న ఇంటర్‌ప్రెటర్‌ని ఒక్క ముక్కలో తీసిపారేసింది. నాకు ఒళ్ళు మండింది. తీరా చూస్తే తప్పు నిజంగానే ఉంది. అందుకు ఇంకా ఎక్కువ మండింది.

మా ఆఫీసంటే స్వెట్టర్లు అల్లే మిల్లు పైన రెండు గదులు. కింద మెషీన్లు నడుస్తుంటే పైన మా బల్లలు సన్నగా వణుకుతుంటాయి. ఏ డిజైన్ ఎలా అల్లాలో ఆ మెషీన్లకి చెప్పే ప్రోగ్రాములన్నీ లిస్ప్ అనే భాషలో ఉంటాయి. ఎక్కడ చూసినా బ్రాకెట్లే. మా మిల్లుకి తగ్గట్టుగా ఆ లిస్ప్‌ని ముప్పై ఏళ్ళ కిందట మా పెద్దాయన ఒంటిచేత్తో తయారుచేసుకున్నాడు. ఆయనకి మనుషుల పేర్లు గుర్తుండవు. నన్ను "ఒరే ఇంటర్‌ప్రెటర్" అంటాడు. ఆమె వచ్చిన రోజే "అమ్మాయ్ కంపైలర్" అని పిలిచాడు. ఆ పేర్లే ఖాయమైపోయాయి.

ఇంటర్‌ప్రెటర్ ప్రోగ్రాముని ఒక్కో వరుసా చదువుతూ, ఆ పని అక్కడికక్కడే చేసేస్తుంది. కంపైలర్ అలా కాదు. మొత్తం ముందే చదివేసి, మెషీనుకి అర్థమయ్యే అంకెల్లోకి మార్చి పెడుతుంది. డిజైన్ దిద్దుకునేటప్పుడు నాది వాడతారు, మిల్లు నడిచేటప్పుడు ఆమెది. రెండూ ఒకే జవాబు చెప్పాలి. చెప్పకపోతే కింద స్వెట్టర్‌కి మూడు చేతులొస్తాయి.

అందుకే పెద్దాయన ఒక రూలు పెట్టాడు. మా ఇద్దరి మధ్య నోటి వాదన ఉండకూడదు. ఏ సందేహం వచ్చినా దాన్ని టెస్ట్‌గా, అంటే జవాబు సరిచూసే చిన్న ప్రోగ్రాముగా రాసి, ముగ్గురం చూసే ఫైల్లో పెట్టాలి. అవతలి వాళ్ళు కూడా అక్కడే జవాబు పెట్టాలి. నాలాంటి నోరులేని వాడికి అంతకన్నా హాయి ఏముంటుంది.

ఆమె చేరిన నెలకి పెద్దాయన కొత్త పని అప్పజెప్పాడు. అప్పటిదాకా మా లిస్ప్‌లో ఏ ఫంక్షనైనా, అంటే ఏ లెక్క ముక్కైనా, ఒక్క జవాబే ఇచ్చేది. వంద కుట్లని ఏడుతో భాగించమంటే, పద్నాలుగు అని చెప్పి ఊరుకునేది. మిగిలిన రెండు కుట్లు ఏమయ్యాయో తెలియాలంటే మళ్ళీ ఇంకో లెక్క చేయాలి. ఇకమీదట రెండూ ఒకేసారి రావాలి, అవసరమైతే మూడు, నాలుగు జవాబులూ రావాలి అన్నాడాయన. అడిగినవాడికి ఒక్కటే చాలంటే మొదటిది తీసుకుని మిగతావి వదిలేయొచ్చు.

నేను జవాబులన్నిటినీ ఒక పెట్టెలో వేసి పంపే పద్ధతి పెట్టాను. ఆమె మొదటి జవాబుని ఎప్పటి దారిలోనే పంపి, మిగతావాటిని పక్కన ఒక అరలో పెట్టి, మొత్తం ఎన్నో ఒక చీటీ రాసి ఉంచే పద్ధతి పెట్టింది. నాది నిదానం, ఆమెది వేగం. నెల తిరక్కుండా ఆమె దాంట్లో ఒక తప్పు దొరికింది. ముందు మూడు జవాబుల ఫంక్షన్ నడిచి, తర్వాత ఒకే జవాబు ఇచ్చే ఫంక్షన్ నడిస్తే, ఆ పాత చీటీ అలాగే ఉండిపోతోంది. దాంతో అరలోని పాత జవాబులు రెండూ కొత్తదానికి అతుక్కుని వస్తున్నాయి.

నాకు పండగలా అనిపించింది. వెంటనే టెస్ట్ రాసి, పక్కనే "కంపైలర్ గారు నిన్నటి కూర ఇవాళ వడ్డిస్తున్నారు" అని పెట్టాను. అరగంటలో ఆమె జవాబు కనబడింది: "క్యారేజీలో పెట్టినదాంట్లో సగం పారేసేవాళ్ళు కూర గురించి మాట్లాడకూడదు." పక్క గదిలోంచి ఆమె నవ్వు కూడా వినబడింది. నేను ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో చెప్తే నా పరువు పోతుంది.

అలా మొదలైంది. ఆమె టెస్టులు చదవడానికే నేను పొద్దున్నే ఆఫీసుకి రావడం మొదలుపెట్టాను. అందరూ టెస్టుల్లో అంకెలు వాడతారు. ఆమె మాటలు వాడేది. ఒకదాంట్లో మొదటి జవాబు "వాన", రెండోది "గొడుగు మర్చిపోయాను". అది టెస్టో, నాకు చెప్పడమో తేలక, ఎందుకైనా మంచిదని నా గొడుగు ఆమె బల్ల మీద పెట్టి తడుస్తూ ఇంటికి వెళ్ళాను. మర్నాడు ఆమె ఆ గొడుగు తెచ్చి ఇస్తూ, అది టెస్టేనండీ అంది. ఆ తర్వాత, జలుబు చేసిందా అని అడిగింది. రెండిట్లో దేన్ని పట్టించుకోవాలో నాకు అర్థం కాలేదు.

ఆ వానాకాలమంతా నాకు అలాగే గడిచింది.

ఒక సోమవారం పెద్దాయన కబురు చెప్పాడు. వేరే ఊళ్ళో ఒక మిల్లు మన మెషీన్లలాంటివే కొన్నదట, అక్కడ లిస్ప్ నిలబెట్టడానికి అమ్మాయ్ కంపైలర్‌ని పంపమంటోందట. ఇష్టమైతే అక్కడే ఉండిపొమ్మంటోంది. శుక్రవారం సాయంత్రంలోగా ఆమె ఏదో ఒకటి చెప్పాలి. వెళ్ళేటట్టయితే శనివారం పొద్దున్న రైలు. ఆమె తల వంచుకుని విన్నది, నా వైపు ఒకసారి చూసింది. నేను కిటికీలోంచి వానని చూస్తున్నట్టు నటించాను. అప్పుడు వాన లేదు.

రెండు రోజులు కొట్టుమిట్టాడి, బుధవారం ధైర్యం చేశాను. నోటితో కాదు, ఫైల్లో. "వెళ్తారా" అని ఒక ఫంక్షన్ పేరు రాసి, దాని లోపలి భాగం ఖాళీగా వదిలేశాను. పక్కన "కంపైలర్ గారు పూరించగలరు" అని పెట్టాను.

గురువారం మధ్యాహ్నానికి ఆమె పూరించింది. మామూలుగా రాస్తే పెద్దాయన చదువుతాడని కాబోలు, జవాబుని కంపైల్ చేసి పెట్టింది. తెరిచి చూస్తే అన్నీ అంకెలే. దాన్ని నడిపితే తప్ప ఏముందో తెలియదు. నా ఇంటర్‌ప్రెటర్‌లో దాని పేరు కొట్టాను. స్క్రీన్ మీద ఒకే మాట వచ్చింది: "వెళ్తున్నాను."

ఇంకేముంది, అయిపోయింది అనుకున్నాను. కాసేపటికి లేచి ఆమె గదికి వెళ్ళాను. జవాబు చూశారా అని ఆమే అడిగింది. ఆమె చెవులు ఎర్రబడి ఉన్నాయి. చూశానన్నాను. మర్యాదగా, "చాలా సంతోషమండీ. మీకు అంతా మంచే జరగాలి," అన్నాను.

"సంతోషమా? అంతేనా?"

అంతేనన్నాను. ఆమె మొహం మాడిపోయింది. వెళ్ళేది తను, మొహం మాడాల్సింది నాది. ఇందులో ఆమెకి ఏం కష్టమొచ్చిందో నాకు ఎంతకీ అంతుపట్టలేదు.

ఇంటికొచ్చి అక్కకి చెప్పాను. మా అక్క టైలరు. అమ్మానాన్నా పోయాక నన్ను పెంచింది ఆమే. మిషను తొక్కుతూనే మొత్తం విని, ఆ అమ్మాయి ఒక్క ముక్కే చెప్పిందా అని అడిగింది. ఒక్కటేనన్నాను.

"నిన్ను నమ్మడం కష్టంరా. చిన్నప్పటి నుంచీ సబ్బు, అగ్గిపెట్టె, దారం తెమ్మంటే సబ్బు ఒక్కటే పట్టుకొచ్చేవాడివి. మిగతావి చెప్పలేదని నాతోనే దెబ్బలాడేవాడివి."

ఇది సబ్బు కాదని కోప్పడి, అన్నం తినకుండా పడుకున్నాను.

శుక్రవారం వీడ్కోలు కోసం కేకు తీసుకెళ్ళాను. పెద్దాయన దాన్ని అనుమానంగా చూసి ఎవరికిరా అన్నాడు. అమ్మాయ్ ఇంకా తనకి ఏమీ చెప్పనేలేదట. ఆమె కేకు వైపు చూసింది, నా వైపు చూసింది, తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆమె ఎందుకు అలిగిందో పెద్దాయన నన్ను అడిగాడు. నాకే తెలిస్తే కదా.

సాయంత్రం నాలుగింటికి ఆయన నా కుర్చీలో కూర్చుని, సరదాకి ఒక లెక్క కొట్టాడు. వంద కుట్లు, ఏడుతో భాగించు. స్క్రీన్ మీద పద్నాలుగు వచ్చింది.

"ఒరే, మిగిలిన రెండు కుట్లు ఏవి?"

వస్తాయి కదా, టెస్టులన్నీ పాసయ్యాయి కదా అన్నాను. ఆయన మళ్ళీ కొట్టాడు. మళ్ళీ పద్నాలుగే. అప్పుడు నా ప్రోగ్రాము తెరిచి చూశాను. లోపల అన్నీ సరిగ్గానే జరుగుతున్నాయి, రెండు జవాబులూ వస్తున్నాయి. టెస్టులు లోపలే సరిచూస్తాయి కనక పాసయ్యాయి. కానీ చేత్తో కొట్టినప్పుడు జవాబుని స్క్రీన్ మీద చూపించే ముక్క ఒకటుంది. దాన్ని మార్చడం నేను మర్చిపోయాను. అది ఎప్పటిలాగే మొదటిది చూపించి, మిగతావి పారేస్తోంది.

పక్క బల్ల మీది కంపైలర్ మెషీన్‌లో "వెళ్తారా" కొట్టాను. మూడు వరుసలు వచ్చాయి.

"వెళ్తున్నాను."

"మూడు నెలలకే."

"వచ్చాక మీ అక్కతో నేనే మాట్లాడతాను."

కాళ్ళు నేల మీద ఆనలేదు. మరుక్షణమే మళ్ళీ ఆనాయి. నిన్నటి కూర గుర్తొచ్చింది. ఆ రెండు వరుసలూ అరలో మిగిలిన పాతవేమో. ఆమె టెస్టుల్లో ఇలాంటి మాటలు బోలెడు ఉంటాయి. అక్క సబ్బు కథ కూడా ఆమెకి ఎప్పుడో చెప్పాను కనక, అక్క మాట ఏ టెస్టులోనో వాడి ఉండొచ్చు. ఆ తప్పుకి నేను రాసిన టెస్ట్ నడిపాను. సరి అని వచ్చింది. కానీ నా టెస్టులూ సరి అనే అన్నాయి, వాటిని నమ్మే కదా కేకు కొన్నాను. ఒకటేమో ఉన్నది పారేసే రకం, ఇంకొకటి లేనిది తెచ్చిపెట్టే రకం. నా బతుకు ఈ రెండిటి మధ్య చిక్కుకుంది.

ఇంతలో గుమ్మం దాకా వెళ్ళొచ్చిన పెద్దాయన, అమ్మాయ్ ఇప్పుడే తన నిర్ణయం చీటీలో రాసిచ్చి వెళ్ళిపోయిందిరా అన్నాడు. చీటీలో ఏముందని అడిగే ఓపిక లేక మెట్లు దిగి పరిగెత్తాను.

మిల్లు గేటు దగ్గర, రేకుల కింద, వాన తగ్గుతుందేమోనని నిలబడి ఉంది. ఎప్పటిలాగే గొడుగు లేదు. నన్ను చూసి మొహం తిప్పుకుంది.

"టెస్ట్ రాసేంత టైం లేదండీ. నోటితోనే అడుగుతాను," అన్నాను.

"పెద్దాయన రూలు?"

"ఆయన కేకు తింటున్నాడు. మీ జవాబులో ఎన్ని మాటలున్నాయి?"

ఆమె నా వైపు తిరిగింది. "మీకు ఎన్ని కనబడ్డాయి?"

"నిన్న ఒకటి. ఇవాళ మూడు. నాది తినేసిందో మీది కల్పించిందో తెలీడం లేదు. నా బుర్ర పనిచేయడం మానేసింది. మీరే చెప్పండి."

"ఒక్కటి చూసి సంతోషమన్నారా?"

అవునని తలూపాను. ఆమె అక్కడే మెట్టు మీద కూలబడి, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"మీ అక్కతో మాట్లాడతానని ఇంత ధైర్యం చేసి చెప్తే, మీరు మంచి జరగాలని దీవించి కేకు తెచ్చారు. పిచ్చి మీకా నాకా అని నిన్నటి నుంచీ బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను. అరలో చీటీ నేను మంగళవారమే సరిచేశాను. మూడూ నావే."

వాన రేకుల మీద దబదబా పడుతోంది. ఆ చప్పుడులో వినబడదేమోనని పక్కన కూర్చుని, కొంచెం గట్టిగానే చెప్పాను. "సంతోషం అన్నది నా మొదటి మాట. రెండోది నోట్లోనే ఉండిపోయింది. నువ్వంటే నాకు చాలా ఇష్టం. నువ్వు లేకుండా పైన ఆ రెండు గదుల్లో ఎలా ఉండాలో తెలీడం లేదు. అది మూడోది."

"నన్ను 'నువ్వు' అన్నావు," అంది.

"పొరపాటున వచ్చింది."

"దాన్ని సరిచేయకు."

శనివారం పొద్దున్న రైలు దగ్గరికి అక్క కూడా వస్తానంది. మూడు నెలలు ఆగడం దేనికి, మాట్లాడాల్సిందేదో ప్లాట్‌ఫాం మీదే మాట్లాడుకుంటామని అక్క వాదన. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోగానే నన్ను అక్కణ్ణించి తరిమేశారు. నీళ్ళ సీసా, బిస్కెట్లు, పిన్నీసులు తెమ్మంది అక్క. రైలుకి ఇంకా పావుగంటే ఉంది. ఈ స్టేషన్లో పిన్నీసులెక్కడ దొరుకుతాయో దేవుడికే తెలియాలి. మూడు దుకాణాలు తిరిగి, చివరికి గాజులమ్మే ఆవిడ దగ్గర దొరకబుచ్చుకుని రొప్పుతూ వచ్చాను.

అక్క నా చేతుల్లోవి ఒక్కొక్కటే తీసి చూసింది. సీసా. బిస్కెట్లు. పిన్నీసులు. ఇంకోసారి చూసింది. తర్వాత ఆ అమ్మాయి వైపు తిరిగి, "మూడూ తెచ్చాడమ్మా. ఇరవై ఆరేళ్ళలో ఇదే మొదటిసారి. ఇక వీడు నీ పూచీ," అంది. చెప్తూ చెప్తూ పైటకొంగుతో కళ్ళు తుడుచుకుంది.

రైలు కదిలింది. కిటికీలోంచి ఆమె చెయ్యి ఊపుతూ ఏదో చెప్పింది. మొదటి మాట వినబడింది, "రాస్తాను" అని. తర్వాతివి చక్రాల చప్పుడులో కలిసిపోయాయి.

నేను రైలు వెంట పరిగెత్తుతూ, "ఇంకా?" అని అరిచాను.